వరదకు జీపు ‘ఏడు చిట్కాలు’: నమ్మి దిగితే ఒడ్డుకు చేరేది సగం బండే

జూలై వచ్చిందంటే కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్ళీ తిరగడం మొదలెడుతుంది. పాత జీపు, జిప్సీ ఉన్నవాళ్ళు మెకానిక్కు పైసా ఇవ్వకుండా ఇంటి దగ్గరే బండిని లంక నీళ్ళకూ ఉప్పునీళ్ళకూ తయారు చేసుకోవచ్చని అందులో ఏడు చిట్కాలు చెప్పారు. ఒకటి, వాడేసిన ఇంజన్ ఆయిలు కింద పూస్తే జన్మలో తుప్పు పట్టదు. రెండు, స్నార్కెల్ (ఇంజన్‌కు పైనుంచి గాలి అందించే పొడుగు గొట్టం) పెడితే బానెట్ దాకా దిగొచ్చు. మూడు, నీళ్ళలో ఇంజన్ ఆగితే మొదటి గేరులో సెల్ఫ్ కొట్టుకుంటూ బయటికి రావచ్చు. నాలుగు, ఫ్లోరు కన్నాలు మూసి వెల్డింగు చేస్తే లోపలికి చుక్క రాదు. ఐదు, ఒడ్డెక్కాక గ్రీజు గన్‌తో నాలుగు పంపులు కొట్టి బ్రేకులు కిరసనాయిలుతో కడిగితే చాలు. ఆరు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీళ్ళను రేడియేటర్‌కు వదిలే వాల్వు) పీకేస్తే ఇంజన్ వేడెక్కదు. ఏడు, పొడుగు షాకిళ్ళూ (కమాన్ కట్టను చాసీకి వేలాడదీసే పట్టీలు) వెడల్పు టైర్లూ వేస్తే బురదలో దిగబడదు.

ప్రతిదానిలో ఆవగింజంత నిజముంది, అందుకే జనం నమ్ముతున్నారు. రాసినాయనకు నీళ్ళంటే లోతు ఒక్కటే కనిపించింది. డెల్టాలో పాత బండి పాడయ్యేది ఎక్కువగా నీళ్ళు తీసిన తర్వాత. చాసీ గొట్టాల్లో, హబ్బుల్లో, హౌసింగుల్లో చిక్కిన ఒండ్రూ ఉప్పూ ఆర్నెల్ల పాటు తమ పని తాము చేసుకుపోతాయి. దాని గురించి ఆ సందేశంలో ఒక్క ముక్క లేదు.

ముందు మూడో చిట్కా చూద్దాం, ఎందుకంటే మిగతావి బండిని మెల్లగా పాడుచేస్తే ఇది అరనిమిషంలో ఇంజన్ తీసేస్తుంది.

“ఆగితే సెల్ఫ్ కొట్టండి” అన్నది పెట్రోలు జీపుల కాలం మాట. డిస్ట్రిబ్యూటర్ కప్పు తడిసి స్పార్కు పోతే, ఇంజన్ లోపల పొడిగా ఉంటే, సెల్ఫ్ మోటారు బలంతో బండిని పదడుగులు లాక్కోవడం కుదిరేది. డీజిల్‌కు స్పార్కే లేదు కదా! నీళ్ళ మధ్యలో డీజిల్ బండి ఉన్నట్టుండి ఆగిందంటే మొదటి అనుమానం గాలి దారిలోకి నీళ్ళు పోయాయన్నదే కావాలి. మహీంద్రా ఎంఎం 540 జీపులో వచ్చిన 2.1 లీటర్ల పెజో డీజిల్‌ను తీసుకోండి. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి సుమారు 528 మి.లీ. కంప్రెషన్ 22కి 1 అని లెక్కేస్తే, పిస్టన్ పైకి చేరాక మిగిలే జాగా 25 మి.లీ. రెండు పెద్ద చెంచాలు కూడా నిండవు. అంతకు మించి నీళ్ళు చేరితే అవి గాలిలా అణగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొన్నిసార్లు కొద్దిగా వంగి, ఇంజన్ స్టార్టయి, పొగతో, ఒక సిలిండర్ నీరసంతో కొన్నాళ్ళు నడుస్తుంది. ఆ తర్వాత రాడ్ విరిగి బ్లాకు పక్కనుంచి బయటికొస్తుంది. “అప్పుడు బానే వచ్చేసిందండీ” అన్న కథల్లో చాలావాటి రెండో భాగం ఇదే.

చేయాల్సిన పని ఇది. తాళం తిప్పకండి. బ్యాటరీ తీగ ఊడదీసి, తాడుతోనో ట్రాక్టరుతోనో న్యూట్రల్‌లో బయటికి లాగండి. ఎయిర్ క్లీనర్ విప్పి చూడండి. ఫిల్టరు గాని, దాని తర్వాతి గొట్టం గాని తడిగా ఉంటే ఇంజెక్టర్లు (జిప్సీ అయితే స్పార్కు ప్లగ్గులు) నాలుగూ తీసేయండి. క్రాంకు పుల్లీ నట్టుకు పానా వేసి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. బిగిసిపోతే బలవంతం చేయొద్దు, ఇంజన్ విప్పాల్సిందే. తిరిగితే బ్యాటరీ మళ్ళీ తగిలించి, డీజిల్ కట్ లివరు లాగి పట్టుకుని, సెల్ఫ్ చిన్న చిన్నగా కొట్టండి. కన్నాల నుంచి నీళ్ళు చిమ్ముతాయి, ముఖం దగ్గర పెట్టకండి. ఒక్కో సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిలు వేసి మళ్ళీ చేత్తో తిప్పండి. డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలకాఫీ రంగులో ఉంటే ఆయిలూ ఫిల్టరూ మార్చి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి, 100 కిలోమీటర్ల లోపు ఇంకోసారి మార్చాలి. డీజిల్ ఫిల్టరు అడుగున నీళ్ళు తీసే ప్లగ్గు ఉంటే అదీ విప్పి చూడండి.

ఇక స్నార్కెల్. అది ఇంజన్ పీల్చే గాలికి మాత్రమే ఎత్తు ఇస్తుంది, బండికి కాదు. ఆ ఒక్క పనైనా చేయాలంటే పైనుంచి మానిఫోల్డ్ దాకా ప్రతి అతుకూ గాలి చొరకుండా ఉండాలి. పాత జీపుల ఆయిల్‌బాత్ ఎయిర్ క్లీనర్ మూత దగ్గర, దుమ్ము వదిలే రబ్బరు వాల్వు దగ్గర సీలు లేకుండా గొట్టం ఒక్కటే పైకి లాగితే అది అలంకారమే. పరీక్ష తేలిక. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా స్నార్కెల్ నోటికి చదునైన చెక్క ముక్క అడ్డం పెట్టండి. చెయ్యి పెట్టొద్దు, డీజిల్ గట్టిగా పీలుస్తుంది. కొద్ది సెకన్లలో ఇంజన్ ఆగిపోవాలి. ఆగకపోతే ఎక్కడో లీకు ఉంది, సబ్బునీళ్ళు పూస్తే తెలియదు, ఒక్కో క్లాంపూ విప్పి చూసుకోవాల్సిందే.

గాలి దారి బాగున్నా నీళ్ళకు వేరే దారులున్నాయి. అరగంట నడిచాక డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో చక్రాలను తిప్పే గేర్లు) హౌసింగు వేడిగా ఉంటుంది. దాన్ని చన్నీళ్ళలో ముంచితే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్ (హౌసింగుకు గాలి ఆడే చిన్న దారి) ద్వారానో ఆయిల్ సీల్ పెదవి దగ్గరనో నీళ్ళు లోపలికి లాగుతుంది. స్నార్కెల్ కంటే ముందు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. రెండు డిఫరెన్షియళ్ళు, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టె) బ్రీదర్లకు 8 మి.మీ. ఫ్యూయెల్ హోసు తగిలించి బానెట్ ఎత్తుకు తేవాలి. యాక్సిల్ పూర్తిగా వేలాడినా గొట్టం లాగకుండా చాలినంత వదులు ఉంచి, సైలెన్సర్‌కు దూరంగా కట్టి, చివర చిన్న ఫ్యూయెల్ ఫిల్టరు నోరు కిందికి పెట్టండి. నీళ్ళలో దిగాక బండిని ఒక రాత్రి నిలిపి, పొద్దున్నే డ్రెయిన్ ప్లగ్గు కొద్దిగా వదులు చేయండి. నీరు బరువు కాబట్టి అడుగున చేరి ముందు అదే వస్తుంది. వచ్చిందంటే డిఫరెన్షియల్‌లో 80డబ్ల్యూ-90 జీఎల్-5 ఆయిలు కొత్తది, నింపే కన్నం అంచు నుంచి కారేదాకా పోయాలి. తెల్లబడిన ఆయిల్‌తో నడిపితే క్రౌన్ పినియన్ పళ్ళూ బేరింగులూ గుంటలు పడతాయి.

లోతు సంగతి కూడా మాట్లాడుకోవాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులకు, మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో అది 25 లక్షలు దాటింది. కనకాయలంక లాంటి కాజ్‌వేల మీద పారేది చెరువు నీళ్ళలా నిలిచినది కాదు. పారే నీరు అడుగు లోతుంటే చిన్న కార్లను తేల్చగలదు, రెండడుగులుంటే జీపులూ కొట్టుకుపోతాయి. ఈ రెండడుగులకు స్నార్కెల్‌తో సంబంధం లేదు.

నాలుగో చిట్కా దీన్ని ఇంకా ప్రమాదం చేస్తుంది. ఫ్లోరు కన్నాలు మూసేస్తే ఏమవుతుందో లెక్కేయండి. ఫ్లోరు వైశాల్యం 3.5 చదరపు మీటర్లు అనుకుంటే, నీళ్ళు దాని పైకి ఒక్కో సెంటీమీటరు లేచినప్పుడల్లా బండిని 35 కిలోలు పైకి ఎత్తుతాయి. అడుగు లేస్తే టన్ను. పాత జీపు మొత్తం బరువులో అది పెద్ద వాటా. టైర్లకు నేల పట్టు పోయి బండి పడవవుతుంది, స్టీరింగు ఉన్న పడవ కాదు. పైగా బయటికొచ్చాక లోపల చేరిన నీళ్ళు పోవడానికి దారుండదు. ఆ కన్నాలు కంపెనీ పెట్టింది అందుకే. రబ్బరు గ్రోమెట్లు (బిరడాలు) పెట్టుకోండి, దిగేముందు తీసేయండి, అంతే.

గ్రీజు గన్ చిట్కాలో సగం నిజం. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకు, షాకిల్ పిన్నులకు నిప్పిల్ ఉంటుంది కాబట్టి అక్కడ పంపు కొట్టడం సరైన పనే. నాలుగు సీళ్ళ నుంచీ పాత తెల్ల గ్రీజు పోయి కొత్త రంగు కనిపించేదాకా కొట్టాలి, నాలుగు పంపుల లెక్క కాదు. చక్రాల బేరింగులకు మాత్రం గన్ పనికిరాదు. హబ్బు విప్పాలి. బేరింగులు డీజిల్‌లో కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పకండి. రోలర్ల మీద నీలిరంగు, గుంటలు ఉంటే కొత్తవే. లిథియం గ్రీజు, నంబరు 2, అరచేతిలో పెట్టుకుని రోలర్ల మధ్య నుంచి అవతలి వైపు వచ్చేదాకా నొక్కాలి. హబ్బు ఖాళీని మొత్తం నింపితే గ్రీజు వేడెక్కి సీల్ తోసుకుని బ్రేకు మీద పడుతుంది, సగానికి మించొద్దు. ఆయిల్ సీల్ పాతది మళ్ళీ వేయకండి. లోపలి నట్టును చక్రం తిప్పుతూ బిగుసుకునేదాకా బిగించి, ఆరో వంతు చుట్టు వెనక్కి వదిలి, లాక్ వాషరు మడిచి, పై నట్టు బిగించాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట తెలియకూడదు, తిప్పితే నునుపుగా తిరగాలి.

బ్రేకుల్లో కిరసనాయిలు అసలొద్దు. వీల్ సిలిండర్ కప్పుల రబ్బరు డాట్-3 బ్రేకు ఫ్లూయిడ్ కోసం చేసింది, కిరసనాయిలూ డీజిలూ తగిలితే ఉబ్బి ఇరుక్కుంటుంది. డ్రమ్ము విప్పి, ఒండ్రు మంచినీళ్ళతో కడిగి, ఎండబెట్టి, లైనింగు మీద గీతలు చూసుకోండి. ఫ్లూయిడ్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి రిజర్వాయర్ మునిగిందంటే పూర్తిగా మార్చాల్సిందే.

ఇప్పుడు తుప్పు. వాడేసిన ఇంజన్ ఆయిలు తుప్పును కొంత ఆలస్యం చేస్తుంది, లారీలవాళ్ళు పూసేదీ అందుకే. కానీ దానిలో మసి, ఆమ్లాలు, కొంత నీరు కలిసే ఉంటాయి. వాన మొదలవగానే దుమ్ముతో కలిసి చెక్కలా గట్టిపడి, దాని కింద ఉప్పుతడిని పట్టి ఉంచుతుంది. కమాన్ కట్టల బుష్షులు, ఇంజన్ మౌంటింగులు, బ్రేకు హోసులు ఆ నూనెకు మెత్తబడతాయి. సైలెన్సర్ మీద పడితే మంట. రొయ్యల చెరువు గట్టు మీద ఆపితే కారేది చెరువులోకే. అన్నిటికంటే ముఖ్యం, పాత జీపు చాసీని తుప్పు బయట నుంచి కంటే లోపలి నుంచే ఎక్కువ తింటుంది. ఆయిలు అక్కడికి చేరనే చేరదు.

సరైన పద్ధతికి రెండు మూడు రోజుల పని ఉంది. మొదట కడగడం. సముద్రం దాపున ఉన్న ఊళ్ళలో చాలాచోట్ల బోరు నీళ్ళే ఉప్పన, వాటితో కడిగితే ఉప్పు పూసినట్టే. నాలుకకు ఉప్పగా తగలని నీళ్ళు కావాలి. కాలువల్లో గోదావరి నీరు వచ్చే నెలల్లో ఇబ్బంది లేదు, కట్టేసిన వేసవిలో కుళాయి నీళ్ళు పట్టుకోండి. చాసీ పక్క కన్నాల్లోకి హోసు దూర్చి ముందు నుంచి వెనక్కి, చివర తేట నీళ్ళు వచ్చేదాకా పంపాలి. కమాన్ కట్టల హ్యాంగర్ల వెనక, క్రాస్ మెంబరు చివర, ఫ్లోరు రేకు రెండు పొరలుగా కలిసే చోట ఒండ్రు ఎక్కువ దాక్కుంటుంది.

రెండు ఎండల తర్వాత చిన్న సుత్తితో చాసీ పొడుగునా తట్టుకుంటూ పోండి. ఖంగుమంటే బాగుంది, మొద్దుగా మోగితే పలచబడింది. అక్కడ స్క్రూడ్రైవరుతో పొడవండి. దిగిపోయే చోట పైనుంచి రేకు అతికించి మూయకండి. లోపలి తుప్పు ఆగదు, అతుకు అంచు దగ్గరే మళ్ళీ చీలుతుంది. గట్టి ఇనుము తగిలేదాకా కోసి, అసలు మందానికి తగ్గని ప్లేటు, 3 మి.మీ.కు తక్కువ కాకుండా, వెల్డింగు చేయించండి. ప్లేటు చివరలు నిలువు గీతలా కాకుండా ఏటవాలుగా ఉంటే బరువు ఒక్క గీత మీద పడదు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు రెండూ ఊడదీయాలి, లేకపోతే ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి. డీజిల్ ట్యాంకు దింపేయాలి.

మిగతా చోట గ్రైండర్‌కు వైరు బ్రష్షు వేసి పొరలు రాలగొట్టి, ఫాస్ఫారిక్ ఆమ్లమున్న రస్ట్ కన్వర్టర్ పూసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనిచ్చి, రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, దాని మీద చాసీ బ్లాకు. ముసురులో, మంచుపడే ఉదయాల్లో ప్రైమర్ వేయొద్దు. తడి మీద, ఉప్పు మీద వేసిన పెయింటు ఏడాది తిరక్కుండా బొబ్బలెక్కుతుంది. చివరగా చాసీ లోపలికి పొడుగు గొట్టమున్న స్ప్రేతో క్యావిటీ వ్యాక్సు (లోపలి గోడలకు అంటుకుని తుప్పును ఆపే మైనం). అడుగు కన్నాల నుంచి అది చుక్కలుగా కారుతుంటే లోపల అంతటా పరుచుకున్నట్టు. ఆ కన్నాలు మూసుకుపోకుండా తీగతో పొడిచి వదిలేయండి.

థర్మోస్టాట్ గురించి ఎక్కువ అక్కర్లేదు. చాలా ఇంజన్లలో అది 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. తీసేస్తే డీజిల్ చల్లగా నడిచి మసి కడుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. బైపాసు ఉన్న ఇంజన్లలో నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా చుట్టుదారిలో తిరిగి ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. అనుమానముంటే గిన్నెలో నీళ్ళు కాచి, థర్మామీటరు పెట్టి, ఎప్పుడు తెరుచుకుంటుందో చూడండి. మన దగ్గర వేడికి కారణం తరచుగా రేడియేటర్ ఫిన్నుల్లో ఇరుక్కున్న ఊక, బురద, లోపల బోరు నీళ్ళ గార.

పొడుగు షాకిలు 2 అంగుళాలు పెంచితే బండి లేచేది ఒక్క అంగుళమే. ఆ అంగుళానికి యాక్సిల్ కోణం మారి స్టీరింగు ఊగుతుంది, బ్రేకు హోసు లాగుతుంది. వెడల్పు టైరు ఇసుకకు మంచిదే, డెల్టా నల్లమట్టికి కాదు. అక్కడ సన్న టైరు పైబురదను కోసుకుని కింది గట్టి నేలను అందుకుంటుంది, వెడల్పుది పైనే జారుతుంది. పాత 6.00-16 తీసి 31 అంగుళాలవి వేస్తే స్పీడోమీటరు 60 చూపేటప్పుడు బండి 65 దాకా పోతుంటుంది. ఇలాంటి మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనూ అడ్డం వస్తుంది. తయారీదారు నిర్దేశించిన దానికి విరుద్ధంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అంతర్వేది ఇసుకలో దిగబడకుండా ఉండాలంటే ఉన్న టైర్లలోనే గాలి 15 నుంచి 18 పీఎస్‌ఐకి తగ్గించండి, పంపు వెంట ఉంటేనే. తారురోడ్డెక్కే ముందు మళ్ళీ నింపకపోతే టైరు పక్కగోడలు వేడెక్కి చీలిపోతాయి.