26 గేట్లు, ఒక పులిహోర గిన్నె

"సాగర్ గేట్లు ఎత్తారట" అన్న మాట శనివారం సాయంత్రం వినపడిందంటే, ఆదివారం పొద్దున హైదరాబాదులో సగం మంది వనస్థలిపురం మీదుగా దక్షిణాన నాగార్జున సాగర్ ఆనకట్టకు బయల్దేరతారు. మిగతా సగం బండి దొరక్క ఆగిపోతారు. నూట యాభై కిలోమీటర్లు వెళ్ళి, నీళ్ళు కిందికి దూకడం చూసి, చేప వేపుడు తిని వెనక్కి రావడం. ఇంతే కార్యక్రమం. నీళ్ళు దూకడంలో వింతేముంది అని అడిగేవాళ్ళు కృష్ణ పొంగినప్పుడు ఆ కింది వంతెన మీద ఎప్పుడూ నిలబడి ఉండరు. మొహం మీద తుంపర కొడుతుంది, హోరులో పక్కవాళ్ళ మాట వినపడదు. బంధువులతో కలిసి వెళ్ళినప్పుడు ఈ రెండో సౌకర్యం విలువ బాగా తెలుస్తుంది.

మా మామగారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. శాఖ ఆయన్ని వదిలేసింది కానీ ఆయన శాఖని వదల్లేదు. జూన్ మొదలుకొని అక్టోబరు దాకా మా ఇంట్లో పొద్దున కాఫీతో పాటే కృష్ణ మీద పైనున్న ఆనకట్టల లెక్కలు, అంటే జూరాలలోకి వచ్చే నీళ్ళ ఇన్‌ఫ్లో, శ్రీశైలం నుంచి వదిలే ఔట్‌ఫ్లో కూడా వస్తాయి. సాగర్ నిండు మట్టం 590 అడుగులనీ, కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టేదనీ, పూడిక పేరుకుని ఇప్పుడు 312కి దిగిందనీ మా పిల్లలకు ఎక్కాల కంటే ముందే వచ్చు. ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్ళు, రావాలంటే రోజంతా 11,574 క్యూసెక్కులు, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగులు, పారాలి. ఇది మా పనిమనిషికి కూడా తెలుసు. ఇన్ని తెలియడం వల్ల వచ్చిన నష్టం ఏమిటంటే, ఆయన అంకెలు చెబుతుంటే ఫ్యాన్ చప్పుడు విన్నట్టు వినడం అందరికీ అలవాటైపోయింది.

శనివారం రాత్రి 26 గేట్లూ ఎత్తారు. మా బావమరిది పన్నెండు సీట్ల ట్రావెలర్ మాట్లాడాడు. తెల్లారి అయిదింటికి బండి గుమ్మం ముందుంది. డ్రైవరు కూడా ఉన్నాడు. మామగారు మంకీ క్యాప్ పెట్టుకుని ముందు సీట్లో కూర్చునే ఉన్నారు. లేనిది మేమే.

అత్తయ్యగారు మూడింటికే లేచి పులిహోర కలిపారు. బయట తిండి పడదని ఆవిడ నమ్మకం. పడేదీ పడనిదీ మాకు తెలుసు గానీ, ఆ మాట ఆవిడతో అనే వయసు మాలో ఎవరికీ ఇంకా రాలేదు. గిన్నె చూస్తే మాకు కాదు, ఆనకట్ట కూలీలకు వండినట్టుంది. అంతా సిద్ధమయ్యాక గోడ మీది క్యాలెండరు చూసి, వర్జ్యం ఏడుంబావు దాకా ఉందన్నారు. సరే, ఎలాగూ మా తోడల్లుడి కుటుంబం కూకట్‌పల్లి నుంచి రావాలి. ఫోన్ చేస్తే "ఎల్బీ నగర్ దాటేశాం" అన్నాడు. వెనక కుక్కర్ మూడో విజిల్ వేసింది.

"శ్రీశైలంలో రాత్రికి రాత్రే గేట్లు దించుతున్నారు. ఇన్‌ఫ్లో పడిపోతోంది" అన్నారు మామగారు, ఫోన్ చూస్తూ.

"అవునా నాన్నా" అంది మా ఆవిడ, చిన్నదానికి జడ వేస్తూ.

ఆ మాటకు అర్థమేమిటో అప్పుడే ఒకరైనా అడిగి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. సాగర్ నిండుగా ఉన్నప్పుడు పైనుంచి ఎంత వస్తే అంతా కిందికి వదులుతారు. పైన శ్రీశైలంలో ఉన్న 12 గేట్లూ ఒక్కొక్కటే దిగుతుంటే, కింద సాగర్‌లో కూడా దిగాల్సిందే. ఇందులో దాపరికం ఏమీ లేదు. ఆయన ఏటా చెబుతూనే ఉన్నారు.

ఎనిమిదిన్నరకు బండి కదిలింది. మామగారు ప్రకటించారు: "ఇరవై రెండు."

ఇబ్రహీంపట్నం దాటాక పిల్లలకు టాయిలెట్. యాచారం దాటాక తోడల్లుడి రెండోవాడికి వాంతి. వాడు చేసుకుంది నా చెప్పుల మీద కాబట్టి వివరంగా రాయాలని లేదు. మాల్‌లో టిఫిన్ సెంటరు కనపడగానే బండి ఆగింది. పులిహోర ఉందని అత్తయ్యగారు అన్నారు. "అది మధ్యాహ్నానికి అత్తయ్యా" అని తోడల్లుడు ఎంతో మర్యాదగా చెప్పి, ముందుగా దిగి, అందరికంటే ఎక్కువ ఇడ్లీలు తిన్నాడు. బిల్లు ఎవరు కట్టాలన్న పెనుగులాటలో పావుగంట పోయింది. మన బంధువుల్లో ఒకరి జేబులోకి ఇంకొకరు చెయ్యి పెట్టేది అప్పుడే.

"పద్దెనిమిది" అన్నారు మామగారు.

ఈసారి డ్రైవరు విన్నాడు. "గేట్లు బంద్ చేస్తుండ్రా సార్?" అని గేరు మార్చాడు. పొద్దుట్నుంచీ ఆయన మాట వింటున్నది అతనొక్కడే. వినే మనిషి దొరికేసరికి మామగారు పొంగిపోయి, 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన దగ్గర మొదలుపెట్టారు. 1967లో ఇందిరా గాంధీ కాలవలకు నీళ్ళు వదిలే చోటికి వచ్చేసరికి మల్లేపల్లి వచ్చింది, ఎండ వచ్చింది, ఆకలి కూడా వచ్చింది. వేపచెట్టు కింద దుప్పట్లు పరిచారు. పులిహోర బాగుంది, అబద్ధమెందుకు. అందరం రెండోసారి కూడా పెట్టించుకున్నాం. అయినా గిన్నె సగం కూడా తగ్గలేదు.

"పది."

అప్పుడు మా బావమరిదికి విషయం తలకెక్కింది. "అంటే నాన్నా, మనం వెళ్ళేసరికి..." అని ఆగిపోయాడు. "పొద్దున అయిదింటికే చెప్పానుగా" అన్నారు మామగారు, చెయ్యి కడుక్కుంటూ. ఆ గొంతులో బాధ లేదు. లెక్క సరిపోయిన మనిషి తృప్తి ఉంది.

అక్కణ్ణుంచి డ్రైవరు బండిని ఆంబులెన్సులా తోలాడు. సాగర్ ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లుందనగా రోడ్డు మీద కార్లు నిలబడిపోయాయి. నా జన్మలో నేను అంత మంది హైదరాబాదీలను హైదరాబాదులో కూడా ఒకచోట చూడలేదు. కాల్చిన మొక్కజొన్న కంకులమ్మే పిల్లాడు మా బండి పక్కనే నడుస్తూ మమ్మల్ని దాటిపోయాడు, అవతల అమ్ముకుని, మళ్ళీ మా దగ్గరికి తిరిగొచ్చాడు. మేమింకా అదే మైలురాయి దగ్గర ఉన్నాం. లోపల మామగారు అంకెలు చదువుతున్నారు. ఆరు. నాలుగు. ఇప్పుడు బండి మొత్తం ఊపిరి బిగబట్టి వింటోంది. ఆయన సర్వీసులో ఏ సూపరింటెండింగ్ ఇంజినీరూ ఆయన మాట ఇంత శ్రద్ధగా విని ఉండడు.

హిల్ కాలనీ దగ్గర బండిని వదిలేసి నడిచాం. తోడల్లుడు పరుగెత్తాడు. అతను పరుగెత్తగలడని వాళ్ళావిడకు కూడా అప్పుడే తెలిసింది. వంతెన చేరేసరికి నాలుగు ముప్పై అయిదు. ఒకే ఒక్క గేటు కింద నుంచి తెల్లగా నురగ వస్తోంది. జనం చేతులెత్తి ఫోన్లు పట్టుకున్నారు. మావాడు ఫోన్ తీసి, లాక్ తెరిచి, స్టోరేజ్ నిండిందంటే పాత వీడియో ఒకటి చెరిపి, పైకెత్తేసరికి ఆ గేటు కూడా దిగిపోయింది. వంతెన మీద ఎంత నిశ్శబ్దం అంటే, నా భార్య "ముందే చెప్పానా, వాళ్ళ కోసం ఆగొద్దని" అన్నది తోడల్లుడితో సహా అందరికీ వినపడింది.

"తాతా, నీళ్ళేవీ?" అంది చిన్నది.

"లోపలున్నాయమ్మా. 312 టీఎంసీలు" అన్నారు మామగారు.

అత్తయ్యగారు మాత్రం చలించలేదు. వాచీ చూసి, "ఆదివారం నాలుగున్నర దాటితే రాహుకాలం. ఈ వేళలో గంగమ్మను చూడకపోవడమే మంచిదైంది" అన్నారు. నీటిపారుదల శాఖ తరఫున ఇంతకంటే మంచి వివరణ ఎవరూ ఇవ్వలేరు. బావమరిది ముందురోజు ఎవరో పంపిన 26 గేట్ల వీడియో తీసి స్టేటస్‌లో పెట్టాడు. రెండు నిమిషాల్లో వాళ్ళ ఆఫీసులో ముగ్గురు "అదృష్టవంతుడివి" అన్నారు. చేప వేపుడు దగ్గర కూడా క్యూ ఉంది. నిలబడ్డాం. మా ముందువాడి దగ్గర చేపలు అయిపోయాయి. దీని గురించి ఇంకేమీ చెప్పను.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. మల్లేపల్లి ఇవతల మళ్ళీ జామ్. ఆశ్చర్యమేమిటంటే, ఎదురుగా సాగర్ వైపు ఇంకా కార్లు వస్తూనే ఉన్నాయి. ఒక చిన్న కారు మా పక్కన ఆగింది. వెనక సీట్లో ముగ్గురు పిల్లలు ఒకరి మీద ఒకరు పడి తొంగి చూస్తున్నారు. నడిపే కుర్రాడు అద్దం దించి అడిగాడు, "పెద్దాయనా, గేట్లు తెరిచే ఉన్నయా?"

మామగారు గొంతు సవరించుకున్నారు. శ్రీశైలం నుంచి మొదలుపెడతారని మాకందరికీ తెలుసు. అంతలో వెనక కిటికీ లోంచి అత్తయ్యగారు తల బయటపెట్టారు.

"ఆ, ఉన్నాయి నాయనా. జాగ్రత్తగా వెళ్ళండి. దారిలో ఏమీ దొరకవు, పిల్లలకు ఆకలేస్తుంది" అని డబ్బాల్లోకి, కవర్లలోకి పులిహోర సర్ది, మిగిలింది కూడా గీకి, ఆ కుర్రాడి ఒళ్ళో పెట్టేశారు. అతను దణ్ణం పెట్టి ముందుకు పోయాడు.

"ఎందుకే అలా అబద్ధం చెప్పావు?" అన్నారు మామగారు.

"నిజం చెబితే ఇక్కడే వెనక్కి తిరిగేవాడు. పులిహోర ఎవరు తింటారు?" అన్నారు అత్తయ్యగారు, ఖాళీ గిన్నె మీద మూత పెడుతూ.