రీడ్ పోయినాడా, రెడ్డి పోయినాడా?

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక టిఫిను అంగడి. పొద్దున ఏడున్నరకి అక్కడ మూల బెంచీ ఖాళీ ఉండదు. రిటైరైన పీఈటీ సారు, ఆయన బామ్మర్ది ఆ బెంచీ మీద కూర్చొని భారత హాకీ జట్టు కోచ్‌ని మారుస్తా ఉంటారు. బామ్మర్ది ఇన్సూరెన్స్ ఏజెంటు. ఎవరు ఎప్పుడు పోతారన్నది వృత్తిరీత్యా ఆయన లెక్కే. మన హాకీ కోచ్ కుర్చీకి ఏ కంపెనీ పాలసీ ఇవ్వదని ఎప్పుడో తేల్చేశాడు.

ఆ లెక్క తప్పని కొట్టిపారేయలేం. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిపించిన టెర్రీ వాల్ష్ ఆ ఏడాదే సర్దుకొని వెళ్లిపోయాడు. తర్వాతి పాల్ వాన్ ఆస్ ఏడాది కూడా నిలవలేదు. ఆయన తర్వాత కూర్చున్న ఓల్ట్‌మన్స్‌ని 2017 సెప్టెంబరులో పంపించేశారు. అక్కడి నుంచి 2019 ఏప్రిల్ లోపు ఆ కుర్చీకి ముగ్గురు కొత్తవాళ్లు: మరైన్, హరేంద్ర సింగ్, గ్రాహం రీడ్. వీటన్నిటికీ తలమానికం 2018 మే నెల. మగవాళ్ల కోచ్ మరైన్‌ని ఆడవాళ్ల జట్టుకి, ఆడవాళ్ల కోచ్ హరేంద్రని మగవాళ్ల జట్టుకి వేశారు. పెనం దగ్గరున్నవాణ్ణి ఇడ్లీ పాత్ర దగ్గరికి, ఇడ్లీవాణ్ణి పెనం దగ్గరికి తోసినట్టు. తీరా ఆ మరైనే టోక్యో ఒలింపిక్స్‌లో మన ఆడవాళ్లని నాలుగో స్థానం దాకా నడిపించాడు. ఇడ్లీలు దూదిలాగా వచ్చాయన్నమాట.

ఆ రోజు తగువు మాత్రం 2023 ప్రపంచకప్పు తర్వాత రాజీనామా చేసి పోయిన గ్రాహం రీడ్ గురించి.

"రీడ్ పోయినాకే బాగుపడింది బావా," అన్నాడు ఏజెంటు, రెండో బోండా తుంచుతా. "ఆయప్ప ఉండుంటే ప్యారిస్‌లో పతకం కల్ల."

"ఏం మాట్లాడతా ఉండావు? టోక్యోలో జర్మనీ మింద 1-3తో వెనకబడినోళ్లు 5-4తో గెలిచింది ఎవురి కాలంలో? 41 ఏండ్లకి ఒలింపిక్ పతకం తెచ్చినోణ్ణి పట్టుకొని!"

"ఆ తర్వాతో? 2023 ప్రపంచకప్పులో, సొంత గడ్డ మింద, న్యూజిలాండ్ పైన 3-1తో ఉండి షూటౌట్ దాకా తెచ్చుకొని ఓడిపోయిరే! రీడ్‌కి చేతకాలేదు, అంతే."

సారు గ్లాసు టక్కున పెట్టాడు. "తప్పు రీడ్‌ది కాదబ్బా, పైనుండే వాళ్లది! మెంటల్ కోచ్ కావాలని రీడే నోరు తెరిచి చెప్పె. రీడ్ తర్వాత కోచ్‌గా ఫుల్టన్ వచ్చినాక మెంటల్ కోచ్ ప్యాడీ ఆప్టన్‌ని తెచ్చిరి. అందుకే ప్యారిస్‌లో మన డిఫెండరు రోహిదాస్‌కి రెడ్ కార్డు పడినా, పదిమందితోనే బ్రిటన్‌ని ఆపి షూటౌట్‌లో 4-2తో గెలిచిరి. ముందే తెచ్చుంటే రీడ్ పోయే పని ఉండేదా?"

ఇక్కడ అంగడి కట్టడం గురించి ఒక మాట. మూల బెంచీకీ వంటింటికీ మధ్య ఉన్నది ఒక ప్లైవుడ్ చెక్క. చెక్కకి అవతల పెనం, పెనం పైన ఎగ్జాస్ట్ ఫ్యాను. ఆ ఫ్యాను తిరిగితే మాటల్లో సగం పొగతో పాటు బయటికి పోతుంది. మిగతా సగమే దోసె మాస్టరు చెవిన పడుతుంది. మాస్టరు చేరి మూడు వారాలు. ఆయన్ని అందరూ పిలిచేది రెడ్డి అని.

ఈలోగా బెంచీ మీద వాదన పెనాల్టీ కార్నర్ దగ్గరికి, అంటే అవతలి జట్టు తప్పు చేస్తే గోలు కొట్టడానికి దొరికే అవకాశం దగ్గరికి, వచ్చింది. నోటితో చెప్తే బామ్మర్దికి ఎక్కదని సారు టేబులునే మైదానం చేశాడు. నీళ్ల జగ్గు గోలు. కారప్పొడి సీసా గోల్‌కీపరు. ఆ సీసాని సారు 'రజని' అంటాడు, ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి భారత జట్టు గోల్‌కీపరు దాకా ఎదిగిన ఇతిమరపు రజని మీద అభిమానంతో. పక్కన నాలుగు గ్లాసులు. కార్నర్‌కి గీత వెనక నిలబడి కాపాడేది ఐదుగురే. మిగతా డిఫెండర్లు సగం మైదానం అవతల, అంటే పక్క టేబులు మీద, ఎవరిదో పొంగలి దగ్గర.

"బంతిని లోపలికి పంపేవాడు గోలు స్తంభానికి పది మీటర్లన్నా దూరంగా నిలబడాల," అని సారు చట్నీ గిన్నె జరిపాడు. "బంతి ముందు, గోలు ఎదురుగా గీసుండే సర్కిలు దాటి బయటికి పోవాల. స్టాపరు ఆపుతాడు. అప్పుడు ఫ్లిక్కరు. మొదటి దెబ్బ హిట్ అయితే గోలు గీత దాటేటప్పటికి గోలు లోపల అడుగునుండే 46 సెంటీమీటర్ల చెక్కకంటే పైకి లేయకూడదు. ఫ్లిక్కుకి ఆ లెక్క లేదు. అందుకే బంతిని కొట్టరు, స్టిక్కుకి ఆనించి ఈడ్చి, నడుం తిప్పి విసురుతారు. ఇట్ట!"

బంతి, మిగిలిన బోండా. స్టిక్కు, సాంబారు చెంచా. అసలు స్టిక్కు మీద బంతి జారకుండా ఈడ్చడమే ఫ్లిక్కరు విద్య. నూనెలో తేలిన బోండాకి ఆ సంగతి తెలియదు. చెంచా మీద సర్రున జారి, రజని తల మీదుగా లేచి, సర్వరు మోసుకొస్తున్న సాంబారు బకెట్లో పడింది. సాంబారు లేచి ఏజెంటు తెల్లచొక్కా జేబు మీద మునక్కాయతో సహా వాలింది.

"గోల్!" అన్నాడు సారు.

"చెల్లదు!" అన్నాడు ఏజెంటు, మునక్కాయ తీసే ముందే. "బోండా సర్కిలు దాటనే లేదు. స్టాపరే లేడు. రెఫరల్ అడుగుతా ఉండా!"

ఇద్దరూ గల్లాపెట్టె పైనున్న సీసీ కెమెరా చూపించమని ఓనరు దగ్గరికి పోయారు. ఓనరు స్క్రీను వెనక్కి జరిపాడు. బోండా కనిపించింది. దాంతోపాటు, తువ్వాలు భుజాన వేసుకొని వెనక గుమ్మంలో నుంచి వెళ్లిపోతున్న దోసె మాస్టరూ కనిపించాడు.

చెక్క అవతలికి చేరిన సగం ఇది: "రెడ్డికి చేతకాలేదు... రెడ్డి పోయినాకే బాగుపడింది... మెంటల్... పైనుండే వాళ్లు... రెడ్డి పోయే పని..."

పదకొండు దోసెలు ఆర్డర్లో ఉన్నాయి. ఓనరే పంచె ఎగ్గట్టి పెనం ముందుకొచ్చాడు. మంట తగ్గించాలి, నీళ్లు చిలకరించాలి, సగం కోసిన ఉల్లిగడ్డతో రుద్దాలి, ఆ తర్వాతే పిండి. తొందరలో మూడూ మరిచి గరిటెడు పోశాడు. కాలిన పెనం మీద పిండి పరుచుకోకముందే బిగుసుకుంది, గరిటె తిప్పగానే దాంతోపాటే లేచొచ్చింది. రెండోది పెనానికే అంటుకుంది.

"తాత్కాలిక కోచ్ అంటే ఇంతే," అన్నాడు సారు చిన్నగా.

ఓనరు గరిటె పక్కన పడేసి మాస్టరుకి ఫోను కొట్టాడు. స్పీకరు పెట్టాడు. "నిన్ను కాదప్పా వాళ్లు అన్నింది. హాకీ కోచ్ రీడ్ అని ఒకాయనుండాడంట, ఆయన్ని."

అవతల కాసేపు బస్టాండు చప్పుడు.

"ఏ ఊరు రెడ్డన్నా ఆయన?"

ఓనరు సారు వైపు చూశాడు.

"ఆస్ట్రేలియా," అన్నాడు సారు.