భుజాన బూడిద ఉన్నవాడల్లా దొంగేనా?

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట" అనే సామెతతో మొదలయ్యే ఒక సందేశం కొన్నాళ్ళుగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: తప్పు చేయనివాడి వివరాలు ప్రభుత్వం చూస్తే నష్టమేమీ లేదు. అందరి డేటా ఒకచోట పోసి జల్లెడ పడితే దొంగ లబ్ధిదారులు దొరుకుతారు, ప్రజల సొమ్ము మిగులుతుంది. దీన్ని తప్పుపట్టేది అమ్ముడుపోయిన మీడియా మాత్రమే. ఎలాగూ మన వివరాలన్నీ కంపెనీల దగ్గర ఉన్నాయి. దేశ భద్రత ముందు, స్వేచ్ఛ తర్వాత. కాబట్టి ప్రైవసీ కావాలనేవాడు ఏదో దాస్తున్నట్టే.

దీన్ని నాకు పంపినవాళ్ళు మంచివాళ్ళే. పన్ను కట్టేవాడికి ఆ డబ్బు దారి తప్పుతోందంటే కడుపు మండుతుంది. ఆ మంట న్యాయమైనదే, నాకూ ఉంది. కానీ ఆ సందేశంలోని ఒక్కో మాటా విడిగా తీసి చూస్తే ఏదీ నిలబడటం లేదు.

ముందు సామెత సంగతి. బూడిద గుమ్మడికాయ భుజాన మోస్తే తెల్లటి పొడి అంటుకుంటుంది. దొంగ తడుముకున్నది అందుకే. అయితే తన పాదున కాసిన కాయను ఇంటికి మోసుకెళ్ళినవాడి భుజానికీ అదే పొడి అంటుకుంటుంది. మనిషి కాయ మోశాడని మాత్రమే ఆ పొడి చెబుతుంది. అది ఎవరి కాయో చెప్పదు. మన గురించి ప్రభుత్వం దగ్గర పోగయ్యే సమాచారం కూడా ఇలాంటిదే. చూసేవాడు దొంగ అనుకుంటే దొంగ, కాదనుకుంటే కాదు.

"తప్పు చేయనివాడికి భయమెందుకు?"

ఖడక్ సింగ్ కథ చెబుతాను. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఈయన్ని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలేశారు. అక్కడితో అయిపోవాలి. కానీ పోలీసులు ఆయన పేరు మీద హిస్టరీ షీట్ తెరిచారు. కానిస్టేబుళ్ళు, ఊరి చౌకీదారు రాత్రిపూట వచ్చి తలుపు బాది, కేకలేసి, నిద్ర లేపేవారని, వేరే ఊరు వెళ్ళాలంటే ముందే చౌకీదారుకు చెప్పాల్సి వచ్చేదని ఆయన సుప్రీంకోర్టుకు మొరపెట్టుకున్నారు. తీర్పు వచ్చింది 1962 డిసెంబరులో. అంటే సాక్ష్యం లేదని వదిలేసిన 21 ఏళ్ళ తర్వాత కూడా ఆయన తన తలుపు గురించి కోర్టులో వాదించుకుంటున్నాడు.

ఆ కేసులో ఆరుగురు న్యాయమూర్తులు కూర్చున్నారు. రాత్రిపూట ఇంటికి రావడాన్ని కొట్టేశారు గానీ, ప్రైవసీ రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ చెప్పింది. ఒప్పుకోనివారు ఇద్దరు. వారిలో ఒకరు రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. పోలీసు కళ్ళు వెంటాడుతుంటే ఆ మనిషి తిరగడాన్ని స్వేచ్ఛగా తిరగడం అని ఎలా అంటాం, అతనికి దేశమంతా జైలే కదా అని ఆయన రాశారు. తప్పు చేయనివాడికి భయమెందుకని అడిగే ప్రతివారికీ నేను ఈ మాటే చూపిస్తాను. ఇక్కడ భయం తప్పు వల్ల పుట్టలేదు. ఎవరో చూస్తున్నారు, ఏమనుకుంటారో తెలియదు, అడిగే దారి లేదు. భయం పుట్టింది అక్కడ.

"డేటా జల్లెడ పడితే ప్రజల సొమ్ము మిగులుతుంది"

అన్నిటికంటే బలంగా కనిపించే వాదన ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. అనర్హులకు డబ్బు వెళ్ళకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ జల్లెడ కన్నాలు ఎవరు వేశారు, ఎలా వేశారు అన్నది చూడకుండా "మిగులుతుంది" అని రాయడం సరికాదు.

ఆస్ట్రేలియా ప్రభుత్వం 2016లో సరిగ్గా ఇదే పని పూర్తిస్థాయిలో మొదలుపెట్టింది. జనం దానికి రోబోడెట్ అని పేరు పెట్టారు. ప్రభుత్వ భృతి తీసుకున్నవాళ్ళ లెక్కల్ని పన్ను శాఖ లెక్కలతో కంప్యూటర్ సరిపోలుస్తుంది, తేడా వస్తే బాకీ నోటీసు వెళుతుంది. వినడానికి బాగుంది. చిక్కు ఎక్కడంటే, భృతిని రెండు వారాలకోసారి లెక్కగడతారు, పన్ను శాఖ దగ్గరేమో ఏడాది మొత్తం ఆదాయం ఉంటుంది. ఏడాదిలో రెండేసి వారాల ముక్కలు 26. కాబట్టి ఏడాది ఆదాయాన్ని 26తో భాగించేశారు.

దాని ఫలితం ఒక ఉదాహరణతో చూడండి. ఒక అమ్మాయి మొదటి ఆరు నెలలు ఉద్యోగం లేక భృతి తీసుకుంది, ఆ సంగతి నిజాయతీగా చెప్పే తీసుకుంది. తర్వాతి ఆరు నెలలు ఉద్యోగం చేసి 26,000 డాలర్లు సంపాదించింది, భృతి మానేసింది. కంప్యూటర్ 26,000ను 26తో భాగించి రెండు వారాలకు 1,000 డాలర్లు అని తేల్చింది. అంటే ఖాళీగా ఉన్న ఆరు నెలల్లోనూ ఈమె వెయ్యేసి డాలర్లు సంపాదిస్తూ దాచిపెట్టింది అని అర్థం! ఏడాదిలో కురిసిన వానను 365తో భాగించి, ఎండాకాలంలోనూ రోజూ వాన పడిందని చెప్పడం లాంటిది ఇది. ఆ అమ్మాయి ఒక్క అబద్ధం చెప్పలేదు, ఒక్క కాగితం దాచలేదు. అయినా దొంగ.

పైగా బాకీ ఉందని ప్రభుత్వం నిరూపించదు. లేదని మీరే నిరూపించుకోవాలి. ఏళ్ళనాటి పే స్లిప్పులు తెమ్మన్నారు. మూతపడిన కంపెనీలో పనిచేసినవాడు ఎక్కడి నుంచి తెస్తాడు? చాలామంది భయపడి కట్టేశారు. 2021లో ఫెడరల్ కోర్టు లెక్క ప్రకారం 4,33,000 మందిపై దాదాపు 176 కోట్ల డాలర్ల బాకీని ప్రభుత్వం చట్టవిరుద్ధంగా మోపింది. అందులో 3,81,000 మంది నుంచి సుమారు 75 కోట్ల డాలర్లు వసూలు కూడా చేసింది. ఆ వసూళ్ళన్నీ వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది, మిగతా బాకీలు రద్దయ్యాయి, పైన 11.2 కోట్ల డాలర్ల పరిహారం. అది చాలదని 2025లో మరో 47.5 కోట్లకు ప్రభుత్వం ఒప్పుకుంది. ఇదంతా ప్రజల సొమ్మే. ఇలా సగటు తీసి బాకీ వేయాలంటే చట్టం మార్చాల్సి ఉంటుందని సొంత న్యాయ సలహాదారులే 2014లో చెప్పారని తర్వాత విచారణ చేసిన రాయల్ కమిషన్ బయటపెట్టింది. ఆ పథకం మొరటుది, క్రూరమైనది, న్యాయమూ కాదు, చట్టబద్ధమూ కాదు అని 2023 జులైలో ఆ కమిషన్ తేల్చింది.

ఒక్క దేశం పొరపాటు అనుకుందామా? నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భృతి తీసుకున్న వేలాది కుటుంబాలపై మోసగాళ్ళన్న ముద్ర వేశారు. ఒక సంతకం మరిచిపోయినా, చిన్న లెక్క తప్పినా మొత్తం భృతి తిరిగి కట్టమన్నారు. కొందరికి అది పదివేల యూరోలు దాటింది. రెండు దేశాల పౌరసత్వం ఉండటాన్ని కూడా అనుమానానికి గుర్తుగా వాడారు. అప్పుల్లో కూరుకుపోయిన ఆ ఇళ్ళలోంచి వెయ్యికి పైగా పిల్లల్ని ప్రభుత్వ సంస్థలు తీసుకెళ్ళాయి. ఈ వ్యవహారం మీద 2021 జనవరిలో మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసింది. నష్టపోయిన ఒక్కొక్కరికీ కనీసం 30,000 యూరోలు ఇవ్వాల్సి వచ్చింది. సొమ్ము మిగలలేదు సరికదా, విడిపోయిన కుటుంబాల లెక్క ఏ ఖాతాలో రాస్తారు?

"మీడియా అమ్ముడుపోయింది, వాళ్ళ మాట నమ్మొద్దు"

మీడియాకు పక్షపాతం లేదని నేను అనను. యజమాని వ్యాపారాలు, పార్టీ అభిమానాలు, ప్రకటనల డబ్బు, అన్నీ పనిచేస్తాయి. ముఖ్యంగా ప్రకటనల డబ్బు. ప్రభుత్వ ప్రకటనలు ఒకే మీడియా సంస్థను పోషించేలా ఉండకూడదని, అన్ని పత్రికలకూ సమానంగా దక్కాలని 2015 మేలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటేనే రోగం ఎక్కడుందో తెలుస్తోంది. ప్రజల సొమ్ము వృథా గురించి బాధపడే సందేశం ఈ ఖర్చు గురించి ఒక్క ముక్క రాయలేదు. అమ్మేవాడు ఉన్నాడంటే కొనేవాడు కూడా ఉన్నాడు కదా.

నెదర్లాండ్స్‌లో ఏం జరిగిందో చూడండి. బల్గేరియా నుంచి వచ్చినవాళ్ళ పేరుతో ముఠాలు భృతి సొమ్ము కాజేస్తున్నాయని 2013లో టీవీలో వచ్చింది. పార్లమెంటు అట్టుడికింది, కఠినంగా ఉండాలని అందరూ అరిచారు. ఆ వేడిలోనే మామూలు తల్లిదండ్రుల మీద కత్తి దిగింది. అంటే మీడియా తప్పు దారి పట్టించగలదు, ఒప్పుకుంటాను. కానీ తర్వాత ఆ తల్లిదండ్రుల కాగితాలు ఒక్కొక్కటే తిరగేసి నిజం బయటికి తెచ్చినవాళ్ళూ విలేకరులే. ట్రౌ పత్రిక, ఆర్‌టీఎల్ న్యూస్ వాళ్ళు ఏళ్ళ తరబడి పట్టుకుని ఉన్నారు, వాళ్ళతోపాటు ఇద్దరు ఎంపీలు. మీడియా మొత్తాన్ని నమ్మొద్దని తీర్మానించుకుని ఉంటే ఆ కుటుంబాలు ఇవాళ్టికీ మోసగాళ్ళే. ఏ చానెల్ చెప్పిందన్నది కాకుండా ఏ కాగితం చూపించిందన్నది నేను చూస్తాను.

ఇంకో సంగతి ఈ వాదనను పూర్తిగా తిరగేస్తుంది. రోబోడెట్ తనను ఎలా వేధించిందో 2017లో ఒక మహిళ పత్రికలో వ్యాసం రాసింది. ఆ వ్యాసం వచ్చాక ఆమె భృతి ఫైలులోని వ్యక్తిగత వివరాలు ఒక కాలమిస్టుకు చేరాయి, ఆమెను తప్పుపడుతూ అచ్చయ్యాయి. ఇచ్చింది ప్రభుత్వ శాఖే. విమర్శలను పక్కదారి పట్టించడానికి, నోళ్ళు మూయించడానికి లబ్ధిదారుల వివరాలను మీడియాలో వాడటం అధికార దుర్వినియోగం అని రాయల్ కమిషన్ అప్పటి మంత్రి గురించి రాసింది. ఖర్చు ఆదా పేరుతో పోగేసిన డేటా, విమర్శించిన పౌరురాలి మీదికి మీడియా చేతుల మీదుగా వచ్చిందన్నమాట. ఆమె చేసిన తప్పల్లా నోరు విప్పడం.

"ఎలాగూ కంపెనీల దగ్గర అన్నీ ఉన్నాయి కదా"

ఉన్నాయి, అదీ మంచిది కాదు. కానీ కంపెనీ నా పెన్షన్ ఆపలేదు, అరెస్టు చేయలేదు, నోటీసు పంపి బ్యాంకు ఖాతా స్తంభింపజేయలేదు. పైగా కంపెనీ దగ్గర ఉన్నది కంపెనీ దగ్గరే ఉండదని, ప్రభుత్వం చేతికీ చేరుతుందని 2013లో అమెరికా నిఘా సంస్థకు పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలు చూపించాయి. ఒక కిటికీకి తలుపు లేదు కాబట్టి ఇంటి గోడ కూడా కూల్చేద్దాం అంటే ఎలా?

"భద్రత ముందు, స్వేచ్ఛ తర్వాత"

ఉగ్రవాదిపై నిఘా పెట్టొద్దని ఎవరూ అనడం లేదు. ప్రైవసీకి పరిమితులు ఉంటాయని కోర్టులూ ఒప్పుకున్నాయి. మూడు అడుగుతున్నారు, అంతే: దానికో చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి చొరబడకూడదు. ఎవరు చెక్ చేస్తున్నారన్నది ఇక్కడ అసలు ప్రశ్న. మన రాష్ట్రాల్లో ఫోన్ వినమని ఉత్తర్వు ఇచ్చేది హోం కార్యదర్శి. ఆ ఉత్తర్వు సరైందో కాదో చూసేది ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి నాయకత్వంలోని కమిటీ. ఈ దారిలో ఎక్కడా జడ్జి లేడు. రాసినవాడే దిద్దుకునే పరీక్ష ఇది. పిల్లల పరీక్షల్లో దీన్ని ఒప్పుకోని మనం, ఫోన్ల విషయంలో భద్రత అనే ఒక్క మాట వినగానే ఎందుకు ఒప్పుకుంటున్నాం?

"ప్రైవసీ కావాలనేవాడు ఏదో దాస్తున్నట్టే"

ఆఖరి మాట ఇది. 2015లో ఆధార్ కేసు విచారణలో కేంద్రం తరఫున అటార్నీ జనరల్ లేచి, ఈ దేశంలో ప్రైవసీ ప్రాథమిక హక్కు కాదని వాదించారు. ఆయన చేతిలోని ఆధారాల్లో ఒకటి 1962 నాటి ఆ ఖడక్ సింగ్ తీర్పే. దాంతో విషయం తొమ్మిది మంది న్యాయమూర్తుల ముందుకు వెళ్ళింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మందీ ఒక్క మాటగా ప్రైవసీ ప్రాథమిక హక్కేనన్నారు. ఖడక్ సింగ్ తీర్పులో మెజారిటీ చెప్పిన ఆ భాగాన్ని కొట్టేశారు. అప్పట్లో మైనారిటీగా మిగిలిన సుబ్బారావు గారి మాట 55 ఏళ్ళ తర్వాత దేశం మాట అయింది. మరుసటి ఏడాది సంక్షేమ పథకాలకు ఆధార్‌ను కోర్టు అనుమతించింది కూడా. అంటే హక్కూ పథకమూ ఒకే ఇంట్లో ఉండగలవు, తెల్లారేసరికి ఆకాశమేమీ విరిగిపడలేదు.

ఆ కేసు వేసింది కె.ఎస్. పుట్టస్వామి. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. 2012లో పిటిషన్ వేసేనాటికి ఆయన వయసు 86. ఆ వయసులో, జీవితమంతా ఇతరుల తప్పొప్పులు తేల్చిన ఆయన ఏ గుమ్మడికాయ దాచుకుని భుజం తడుముకున్నారో, ఆ సందేశం పంపుతున్నవాళ్ళు నాకు చెప్పాలి.