పాఠం ఫోనులో, సబ్బు స్టోరులో

రాత్రి డ్యూటీ దిగిన స్టాఫ్ నర్సు రావులపాలెంలో అమలాపురం బస్సెక్కుతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను, అందులో ఇన్ఫెక్షన్ నియంత్రణ వీడియో. కళ్లు మూతలు పడుతుంటాయి. పాఠం దానంతటది నడుస్తుంటుంది. కొత్తపేట దాటేసరికి క్విజ్ వస్తుంది, నాలుగు జవాబులు నొక్కితే సర్టిఫికెట్ చేతికొస్తుంది. అక్కడ ఆఫీసులో ఆమె పేరు ఎదురుగా టిక్కు పడుతుంది. ఆ టిక్కు చూసుకుని సంతోషించే అలవాటు గురించే మా బాధ.

ఆన్‌లైన్ శిక్షణ వద్దని మేము అనడం లేదు. శిక్షణ అంటే కాకినాడకో ఏలూరుకో వెళ్లి రావడమే అయితే, ఒక సిస్టర్ క్లాసుకు వెళ్లిన రోజున ఆమె పేషెంట్లను కూడా ఇంకో సిస్టరే చూసుకోవాలి. గోదావరి పొంగి లంకల దారులు మునిగితే ఆ క్లాసూ లేదు. 2020 ఏప్రిల్‌లో కేంద్రం దీక్షా అనే ఆన్‌లైన్ చదువుల వేదిక మీద కరోనా సిబ్బంది కోసం ఐగాట్ అనే శిక్షణ పాఠాలు పెట్టినప్పుడు, ఇల్లు కదలకుండా పీపీఈ (ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తులు) ఎలా వేసుకోవాలో, ఎలా విప్పాలో ఎంతోమంది చూసి నేర్చుకున్నారు. మర్చిపోతే మళ్లీ చూసుకోవచ్చు. ఎదురుగా మాస్టారు ఉంటే రెండోసారి అడగడానికి మొహమాటపడేవాళ్లకు ఇది చిన్న సౌకర్యం కాదు.

చిక్కంతా వీడియో అయిపోయాక వార్డులో మొదలవుతుంది. నీళ్లు అక్కర్లేకుండా చేతులకు రుద్దుకునే స్పిరిట్ మందు, అంటే హ్యాండ్ రబ్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు చేతులు శుభ్రం చేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పేషెంటును ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక, ఇంకా మరికొన్ని సందర్భాల్లో. సరే, లెక్క వేద్దాం. వార్డులో 30 పడకలు, డ్యూటీలో ఒక్కరే సిస్టర్. ఇంజక్షన్‌కు, సెలైన్‌కు, బీపీకి, డ్రెస్సింగ్‌కు కలిపి ఒక్కో పేషెంటును నాలుగుసార్లు ముట్టుకుందనుకోండి. ముందొకసారి, తర్వాతొకసారి అంటే 240 సార్లు. ఒక్కోసారికి 20 సెకన్లే వేసుకున్నా గంటా ఇరవై నిమిషాలు. సబ్బుతో అయితే అంతకు రెట్టింపు. ఆ సమయం ఆమెకు ఎవరిచ్చారు? బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు, మిగతా ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం చెబుతోంది. మన వార్డుల్లో ఆ లెక్క ఎక్కడైనా కనిపిస్తే మాకూ చూపించండి.

ఇక సింకు. వీడియోలో మోచేత్తో తిప్పే కొళాయి, తెల్లటి వాష్‌బేసిన్, గోడకు లిక్విడ్ సబ్బు. మన దగ్గర వార్డు చివర ఒకటే సింకు. అందులో పేషెంటు తాలూకు వాళ్లు క్యారేజీ గిన్నెలు కడుగుతారు. అడుగున అన్నం మెతుకులు, అంచున అరిగిపోయిన సబ్బు ముక్క. తడిచేతులు తుడుచుకోవడానికి పొద్దుటి నుంచీ అదే టవలు. సిస్టర్ పాఠమంతా అప్పజెప్పగలదు, కడుక్కునే చోటే లేదు.

నర్సులను తప్పుపట్టడం మాత్రం తేలిక. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని మొదలుపెట్టిన 1847లోనే, వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఒక కాన్పుల వార్డులో బాలింతలు ఎందుకు చనిపోతున్నారో పట్టుకున్నాడు. మంత్రసానులు చూసే వార్డులో చావులు తక్కువ, డాక్టర్లూ వైద్య విద్యార్థులూ చూసే వార్డులో చాలా ఎక్కువ. శవపరీక్ష చేసిన చేతులతోనే వాళ్లు కాన్పు గదికి వస్తున్నారు. క్లోరిన్ సున్నం నీళ్లతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న మరణాలు జూన్‌కల్లా 2 శాతం దగ్గరికి పడిపోయాయి. అప్పట్లో పెద్ద డాక్టర్లలో చాలామంది ఆయన మాట పట్టించుకోలేదు. అందుకే శిక్షణ పేరు చెప్పగానే నర్సుల జాబితా ఒక్కటే తీయడం మాకు నచ్చదు. రౌండ్స్‌కు వచ్చి ఒక పడక దగ్గర కుట్లు చూసి, అదే చేత్తో పక్క పడక దుప్పటి ఎత్తే పెద్ద డాక్టరు గారు ఏ జాబితాలో ఉన్నారు? తుడిచే ఆయమ్మ, స్ట్రెచర్ తోసే అబ్బాయి?

పలకరించడానికి వచ్చేవాళ్ల సంగతి సరేసరి. మన జిల్లాల్లో ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూసి రాకపోతే పెళ్లికి వెళ్లనంత తప్పు. బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని ఊరు ఊరంతా వస్తుంది, మంచం అంచునే కూర్చుంటుంది. ఒక పేషెంటుకు ఒక మనిషి చాలని చెప్పాల్సింది సిస్టరే, తిట్లు తినాల్సిందీ ఆవిడే. ఈ మాట ఎలా చెప్పాలో నేర్పే పాఠం ఉంటే బాగుండు. గాజుల సంగతీ అంతే. చేతులు కడిగేటప్పుడు ఉంగరాలు, గాజులు తీసేయాలని పాఠం ఒక్క వాక్యంలో చెప్పి వెళ్లిపోతుంది. కొత్త పెళ్లికూతురిని గాజులు తీయమంటే ఇంట్లో ఏమంటారో అత్తగారున్న అమ్మాయిని అడగాలి. తోటి తెలుగు సిస్టర్ ఒకరు తెలుగులో, ఈ ఇబ్బంది తెలిసి చెబితే ఆ పాఠం ఎక్కుతుంది.

సూది గుచ్చుకుంటే ఏం చేయాలన్నది ఇంకా ముఖ్యం. హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందు వీలైతే 2 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలవ్వాలని వీడియో చెబుతుంది. అర్ధరాత్రి మన ఆసుపత్రిలో ఆ మందు ఏ బీరువాలో ఉందో, తాళం ఎవరి దగ్గరుందో చెప్పదు. అది ఆ ఆసుపత్రివాళ్లే చెప్పాలి, ఆ బీరువా ముందు నిలబెట్టి చూపించాలి. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులూ ఎవరెవరికి పడ్డాయో కూడా అప్పుడే తేలుతుంది.

మేము అడిగేవి పెద్ద కోరికలేం కాదు. పాఠం వినే గంటను డ్యూటీ గంటగా లెక్కించండి, ఆ గంట వార్డు చూసుకోవడానికి ఇంకొకరిని పెట్టండి. వీడియో అయ్యాక వారంలోపు హెడ్ నర్సు దగ్గరుండి చేయించి చూడాలి. జిల్లా సమీక్షల్లో ఎంతమంది పూర్తి చేశారన్న గడి పక్కన ఇంకో గడి గీయండి: ఏ వార్డు నెలకు ఎంత హ్యాండ్ రబ్ వాడింది? వెయ్యి రోగి-దినాలకు (ఒక రోగి ఒక రోజు వార్డులో ఉంటే ఒక రోగి-దినం) కనీసం 20 లీటర్లు ఖర్చవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత. నిండుగా ఉన్న 30 పడకల వార్డుకు నెలకు అటూ ఇటూగా 18 లీటర్లు. స్టోరు రిజిస్టరు తెరిస్తే ఎంత ఇచ్చారో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఈ నెల నుంచే తెరవండి.