మెయిన్ హాల్లో కాన్వాసు, వెనక గదిలో కాగితం: ఒక గ్యాలరీకి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆసియా సమకాలీన కళా గ్యాలరీ వారి దివ్యసముఖమునకు, కొనే స్తోమత లేకపోయినా చూసే ఓపికున్న ఒక ప్రేక్షకుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ, మీ తెల్లగోడలూ, గాలిలో తేమ కొలిచే మీ చిన్న యంత్రమూ క్షేమమని తలుస్తాను. కాగితం ఎలా ఉందో మాత్రం నాకు సరిగ్గా కనపడలేదు. ఆ విషయమే ఈ ఉత్తరం.

మీ ఎగ్జిబిషన్ పోస్టరు నిండా కాగితమే. చైనా షువాన్, కొరియా హాంజీ, జపాన్ వాషీ, లాహోర్ వస్లీ అని బారెడేసి అక్షరాలు. అది చూసే వచ్చాను. తీరా అడుగుపెడితే ఎదురుగా మనిషెత్తు కాన్వాసు, దాని మీద నూనె రంగులు, ఆ పైన నాలుగు లైట్లు. పక్కనే ఇంకోటి. కాగితం ఏదమ్మా అని కౌంటర్లో అమ్మాయిని అడిగితే, "వర్క్స్ ఆన్ పేపర్ వెనక గదిలో ఉన్నాయండీ. ఇక్కడ పెయింటింగ్స్" అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు, మీరు నేర్పిందే చెప్పింది. గుడ్డ మీద వేస్తే పెయింటింగు, కాగితం మీద వేస్తే వర్కు. మీ వేదాంతమంతా ఆ ఒక్క మాటలో తెలిసిపోయింది.

ఈ విభజన ఎవరిదో మీకు తెలియనిది కాదు. యూరప్ చిత్రకారుడికి చాలాకాలం కాన్వాసే అసలు పని, కాగితం మీద గీసేది ఎక్కువగా దానికి ముందు కసరత్తు. అందుకే అక్కడి మ్యూజియంలలో కాగితానికి వేరే శాఖ, వేరే గది, వేరే అధికారి. వాళ్లింటి పద్ధతి, మనకెందుకు? కానీ మీ బోర్డు మీద రాసుకున్నది ఆసియా కదా. క్రీ.శ. 105లో చైనాలో సాయ్ లున్ అనే కొలువు అధికారి చెట్టు బెరడు, నార పీచు, చింకిగుడ్డలు, పాత చేపల వలలు కలిపి కాగితం చేసే పద్ధతిని హాన్ చక్రవర్తికి విన్నవించుకున్నాడు. అంతకుముందు నాటి కాగితం ముక్కలు కూడా తవ్వకాల్లో దొరికాయి. రాను రాను చిత్రకారుడికి పట్టుబట్ట ఎంత అసలైనదో, గోడ ఎంత అసలైనదో కాగితమూ అంత అసలైనదైంది. కాన్వాసు మీద నూనె రంగులు ఓడలెక్కి ఇక్కడికొచ్చిన అతిథులు. అతిథిని గౌరవించాల్సిందే. అందుకని ఇంటి యజమాని సొంతింట్లో అద్దెకున్నట్టు వెనక గదిలో సర్దుకోవాలా?

ఇక వెలుతురు సంగతి. ఆ గదిలోకి వెళ్లగానే కరెంటు పోయిందనుకున్నాను. పోలేదట, వెలుతురు కొలతలో అది 50 లక్స్ అట. మామూలు ఆఫీసు గదిలో 500 దాకా ఉంటుంది, మిట్టమధ్యాహ్నపు ఎండలో లక్ష దాకా. మీ భయానికి కారణం లేదనను. కాగితానికి వెలుతురు చేసే చెరుపు పూడేది కాదు. ఇవాళ కాస్త, రేపు కాస్త, అలా ఖాతా పెరుగుతూనే ఉంటుంది. చీకట్లో పెడితే ఆ ఖాతా ఆగుతుందే గాని తగ్గదు. న్యూస్‌ప్రింటు మీద వేసిన బొమ్మయితే అందులోని లిగ్నిన్ అనే కొయ్య పదార్థం వల్ల పచ్చబడి పెళుసెక్కుతుంది. స్కెచ్ పెన్ను రంగులూ, కొన్ని నీటిరంగులూ చూస్తుండగానే వెలిసిపోతాయి. వాటిని మసక వెలుతురులో పెట్టండి, వద్దన్నదెవరు?

అయితే ఆ గదిలో సగం సిరా బొమ్మలు. ఆ సిరా అంటే మసి, జిగురు. మసి అంటే కర్బనం. దానికి వెలుతురంటే ఖాతరు లేదు. వెయ్యేళ్లనాటి సిరా గీత ఇంకా నల్లగానే ఉంది. కింది కాగితాన్ని కాపాడాలి, నిజమే. అయినా పచ్చబడే న్యూస్‌ప్రింటుకీ గట్టి బెరడు కాగితానికీ, వెలిసే రంగుకీ వెలవని మసికీ అందరికీ ఒకే కొలత చీకటి పంచిపెట్టడం చూస్తే, ఇందులో సంరక్షణ ఎంత, సన్నివేశ కల్పన ఎంత అని అనుమానమొచ్చింది. చీకట్లో ఏదైనా పవిత్రంగానే కనిపిస్తుంది. ధరతో సహా.

ఆ చీకటికి తోడు అద్దం. దాని ఎదుట నిలబడితే ముందు నేను కనపడ్డాను, తర్వాత నా వెనకున్న ‘ఎగ్జిట్’ బోర్డు కనపడింది, ఆ తర్వాత బాగా ఒంగి పక్కనుంచి చూస్తే బొమ్మ అంచు కనపడింది. ఇలాంటి అద్దం వెనక చిత్రకారిణి నస్రీన్ మొహమ్మదీ వెంట్రుకవాసి గీతలు పెడితే ప్రేక్షకుడికి దక్కేది సొంత ముక్కు ఒక్కటే. ఒంగినందుకు మీ సెన్సర్ కూసింది కూడా. నేల మీద గీత దాటానట.

మొఘల్ చిత్రం గోడ కోసం పుట్టింది కాదు. ఆల్బమ్‌లో పేజీగా చేతుల్లోకి తీసుకుని, కాస్త అటూ ఇటూ వంచి, బంగారం పూత మెరిసే కోణం వెతుక్కుంటూ చూసేది. చైనా చుట్ట బొమ్మయితే బల్ల మీద కుడి నుంచి ఎడమకి ఒక చేత్తో విప్పుతూ, ఇంకో చేత్తో చుడుతూ, బారెడు బారెడుగా చూసుకుంటూ వెళ్లేది. చేతులు లేకుండా ఆ కొండల్లో ఒక్క మలుపు కూడా తిరగలేం. చియాన్‌లాంగ్ చక్రవర్తి ఇంకో అడుగు ముందుకేశాడు. తన భాండాగారంలోని మహామహుల చిత్రాల మీద ఖాళీ కనిపించిన చోటల్లా ఎర్ర ముద్రలు కొట్టాడు. అది చాలక పద్యాలు రాశాడు. ఆయన పేర ఉన్న పద్యాలు 40 వేలు దాటుతాయి, నాణ్యత గురించి నేనేమీ అనను. కాగితం మాత్రం అన్నిటినీ భరించింది. మీరు నాగరికులు, కాగితం జోలికి పోకుండా పక్కన లేబుల్ మీద చిన్న ఎర్ర చుక్క అంటిస్తారు. చక్రవర్తి ముద్రకి ‘నేను చూశాను’ అని అర్థం. మీ చుక్కకి ‘అమ్ముడుపోయింది’ అని.

అమ్మకం మాటొచ్చింది కాబట్టి. ధరల జాబితా ఎక్కడా లేదు. అడిగాను. ఒకాయన ట్యాబ్లెట్ పట్టుకొచ్చి, ముందు నా చెప్పుల వంక చూసి, "ఇవి కొత్తగా కలెక్షన్ మొదలుపెట్టేవాళ్లకి బావుంటాయండీ. ఇదే ఆర్టిస్టు కాన్వాసయితే రేంజ్ వేరు" అన్నాడు. మనిషి అదే, చెయ్యి అదే, సైజు కూడా ఇంచుమించు అదే. అడుగున గుడ్డ ఉంటే ఒక ధర, కాగితముంటే అందులో కొంత. చవగ్గా ఇస్తే కుర్రవాళ్లు కూడా ఒక బొమ్మ కొనుక్కోగలరు, దానికి నాకేడుపు లేదు. కొన్నదాంట్లో సగం దాకా మీకే పోతుందన్న లెక్కా ఈ వ్యాపారంలో అందరూ ఎరిగిందే, దాని జోలికీ రాను. కానీ 2017 డిసెంబరులో బీజింగ్ వేలంలో చైనా చిత్రకారుడు చీ బైషీ 1925లో గీసిన పన్నెండు ప్రకృతి దృశ్యాల తెరలు 93.15 కోట్ల యువాన్లకు పోయాయి. సిరా, రంగు, కాగితం, అంతే. ఇవి మొదలుపెట్టేవాళ్లకి బావుంటాయని ఆ కొన్నవాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేరు.

మీ లెక్క నాకు పూర్తిగా బోధపడింది మాత్రం కొరియా చిత్రకారుడు పార్క్ సో బో దగ్గర. 1980ల నుంచి ఆయన హాంజీని పొరలు పొరలుగా నానబెట్టి, తడి మీద చాళ్లు తీస్తూ బొమ్మలు చేశాడు. పైన కనిపించేదంతా కాగితమే, కళంతా ఆ కాగితం చాళ్లలోనే. అయితే అడుగున కాన్వాసు ఉంది. ఇంకేం, ఆయన ఎక్కడికెళ్లినా మెయిన్ హాలే! కాగితం ఎంత గొప్ప పని చేసినా దానికి గుడ్డ పూచీ పడితే తప్ప మీరు ముందు గదిలోకి రానివ్వరన్నమాట.

దీనికి ఎదురుగా బెంగాల్ కళాకారుడు సోమనాథ్ హోర్‌ను పెట్టి చూడండి. 1970లలో ఆయన చేసిన ‘గాయాలు’ వరుసలో కుంచె లేదు, బొమ్మ లేదు, దాదాపు అంతా తెలుపే. మట్టి పలక మీద కోతలు కోసి, దాన్నుంచి అచ్చు తీసి, అందులో కాగితపు గుజ్జు పోశాడు. ఆరాక మిగిలింది కోసిన చర్మంలాంటి కాగితం. కరువునీ యుద్ధాన్నీ చూసిన మనిషి, రంగు లేకుండానే నెత్తురు చూపించాడు. దీన్ని ‘కాగితం మీద’ అని ఎలా రాస్తారు? మీద ఏమీ లేదు, ఉన్నదంతా కాగితమే. చిత్రకారిణి జరీనా హష్మీ 1999లో 36 కొయ్య అచ్చులతో తను పోగొట్టుకున్న ఇంటిని గడపలుగా, గోడలుగా, ఉర్దూ మాటలుగా విడగొట్టి పేర్చింది. దేశవిభజనతో ఇంటివాళ్లు చెదిరిపోయి, తను దేశాలు పట్టి తిరిగిన మనిషికి కాగితం చవకరకం కాన్వాసు కాదు. పెట్టెలో పట్టే ఇల్లు.

తప్పు దిద్దుకునే వీలు సంగతి కూడా మీ లేబుళ్లలో ఎక్కడా లేదు. నూనె రంగులో చెయ్యి జారితే ఆరాక పైన ఇంకో పూత వేసి కప్పెయ్యొచ్చు. అన్‌హుయీ ప్రాంతంలో చింగ్‌తాన్ చెట్టు బెరడు, వరిగడ్డి కలిపి తీసే షువాన్ కాగితాన్ని, పటిక పట్టించని పచ్చిదాన్ని తీసుకోండి. సిరా తగిలిందంటే పీల్చేస్తుంది. కుంచె ఒక్క క్షణం తటపటాయిస్తే ఆ తటపటాయింపు కూడా మచ్చై నిలుస్తుంది. చెరపడం లేదు, కప్పడం లేదు. కష్టమైన పనికి చిన్న గదీ, వెసులుబాటున్న పనికి పెద్ద హాలూ ఇచ్చే పద్ధతి ఇంకెన్ని చోట్ల ఉందో నాకు తెలుసు గనక, దీనిమీద ఎక్కువ ఆశ్చర్యపోలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. కాగితం రచ్చ ఎప్పుడో గెలిచింది. లండన్‌లోనైనా న్యూయార్క్‌లోనైనా మ్యూజియంలో చిరిగిన పత్రానికి అతుకు వెయ్యాలంటే సంరక్షకుల చేతిలో ఉండేది కోజో చెట్టు నారతో చేసిన జపాన్ కాగితం. పలచగా ఉంటుంది, పీచు పొడుగ్గా ఉంటుంది, అతికినా కింది అక్షరం కనిపిస్తుంది, కావాలంటే తర్వాత ఊడదీయొచ్చు. మీ ఫ్రేముల వెనక బొమ్మని పట్టి ఉంచే చిన్న పట్టీలు కూడా బహుశా అవే. ప్రపంచం చిరుగులన్నీ కుడుతున్న కాగితానికి సొంత ఖండం పేరు పెట్టుకున్న గ్యాలరీలో పీట దొరక్కపోవడం కాస్త వింతే.

గోడ మీద మీరు రాయించిన వ్యాసం సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అది క్లుప్తంగా లేదు. ఇస్తాంబుల్ నుంచి టోక్యో దాకా ఉన్న వాళ్లంతా ఒకే పేరాలో ‘జ్ఞాపకం, వలస, అస్తిత్వం, పెళుసుదనం’ గురించి ప్రశ్నిస్తున్నారట. చిత్రకారిణి షాజియా సికందర్ 1989-90లో లాహోర్ కళాశాలలో ఐదడుగులకు పైగా పొడవున, మినియేచర్ కొలతల్ని ధిక్కరిస్తూ గీసిన చుట్టకీ, చైనా కళాకారుడు షూ బింగ్ ఎవరికీ చదవరాని నాలుగు వేల ఉత్తుత్తి అక్షరాల్ని చేత్తో చెక్కి అచ్చేసిన పుస్తకాలకీ మీరు ఒకే విశేషణాల సంచీ విప్పుతారు. ‘పెళుసు’ అన్న మాట నాకు మరీ నచ్చింది. బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న వజ్రసూత్రం అనే బౌద్ధ గ్రంథం కాగితం మీద అచ్చయింది 868లో. మీ మెయిన్ హాలు కాన్వాసులు అన్నాళ్లుంటే అప్పుడు పెళుసు ఎవరో మాట్లాడుకుందాం.

నేను కోరేది పెద్దదేం కాదు. వచ్చే ప్రదర్శనకి రెండు గదులూ తారుమారు చెయ్యండి, ఒక్క నెలే. సిరా బొమ్మలకి వాటి తట్టుకునే శక్తిని బట్టి వెలుతురు పెంచండి. ఒక బల్ల వేసి, ఈ పని కోసమే చేయించిన నకలు చుట్ట ఒకటి మా చేతికివ్వండి, విప్పుకుంటాం, చుట్టుకుంటాం. లేబుల్ మీద కళాకారుడి పేరు, సంవత్సరం, కొలతలు రాస్తున్నారు కదా, ఆ కిందే కాగితం ఎవరు తీశారో, ఏ నారతో తీశారో ఇంకో వరస రాయండి. బెరడు ఉడకబెట్టి, బాది, చన్నీళ్లలో చేతులు ముంచి షీటు ఎత్తిన మనిషికి మీ గోడ మీద ఇంతవరకూ పేరు లేదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
సెన్సర్ కూయించిన ప్రేక్షకుడు

తా.క.: మీ ఎగ్జిబిషన్ కేటలాగు కొన్నాను. మంచి బరువుంది. అయితే మొత్తం ప్లాస్టిక్ మెరుపున్న ఆర్ట్ పేపర్ మీద అచ్చేశారు, వాషీకీ హాంజీకీ తేడా తెలియడంలేదు. పైగా పేజీ పేజీకీ నా వేలిముద్రలు పడుతున్నాయి. చేతి తొడుగులు దీంతోపాటు ఇస్తారా, విడిగా కొనుక్కోవాలా?