రేటు రాయడానికి ఎందుకంత మొహమాటం?

ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలమ్మే పేజీ ఏదైనా తెరవండి. రీల్ బాగుంటుంది. గద్వాల్ చీర కొంగు గాలికి ఎగురుతుంటుంది, వెనక సన్నాయి మోగుతుంటుంది. కింద వంద కామెంట్లుంటే తొంభై ఒకటే మాట: ‘ప్రైస్ ప్లీజ్’, ‘పీపీ’, ‘రేటెంతండీ’, ‘కాస్ట్ మేడమ్’. అన్నిటికీ ఒకటే జవాబు: ‘ఇన్‌బాక్స్ చెక్ చేయండి డియర్’. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నిజమే. ఆ సామెత అన్నం గురించి. అమ్మకానికి పెట్టిన సరుకు ధర గురించి కాదు.

సోషల్ మీడియాలో కస్టమర్‌తో కనెక్ట్ అవ్వడం ఎలా అని నేర్పే కోర్సులు సందుకొకటి వెలిశాయి. ట్రెండింగ్ పాట పెట్టు, మొదటి మూడు సెకన్లలో కట్టిపడేయి, రోజూ పోస్టు చెయ్యి... ఇవన్నీ చెప్తారు. ధర, కొలత, ఎప్పటికి చేరుతుంది, తేడా వస్తే ఏం చేస్తారు అన్న నాలుగు ముక్కలు పోస్టులోనే రాయమని మాత్రం ఎవరూ చెప్పరు. నన్నడిగితే అసలు కనెక్షన్ అదే. మిగతాదంతా లైటింగు.

రేటు దాచడానికి చెప్పే కారణాలు తెలిసినవే. మొదటిది, కామెంట్లు ఎక్కువ పడితే రీచ్ పెరుగుతుందని. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరీ 2025 జనవరిలో చెప్పిన మూడు ముఖ్యమైన లెక్కల్లో కామెంట్లు లేవు. ఎంతసేపు చూశారు, ఎంతమంది లైక్ కొట్టారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు, ఈ మూడే ఉన్నాయి. కొత్తవాళ్లకు చేరాలంటే పంపడం మరీ ముఖ్యం. చీర రీల్ ఎవరు ఎవరికి పంపుతారు? అక్క చెల్లెలికి, కోడలు ఆడపడుచుకి. ధర తెలియని చీర పంపితే ‘ఎంతట?’ అని తిరుగు ప్రశ్న వస్తుంది. ఆ తలనొప్పి ఎందుకని పంపడమే మానేస్తారు. రీచ్ కోసం దాచిన రేటే రీచ్‌ని తినేస్తుందన్నమాట.

రెండోది, పోటీవాళ్లు చూస్తారని. పోటీవాళ్లు ఈపాటికే దొంగ అకౌంట్ నుంచి మెసేజ్ పెట్టి అడిగేశారు. వాళ్లకి ఆ ఓపికుంది, కస్టమర్‌కే లేదు. మూడోది రీసెల్లర్లు. వాళ్లు మీ ధర మీద రెండు వందలో మూడు వందలో వేసుకుని అమ్ముతారు కాబట్టి అసలు ధర బయటపడితే ఇబ్బంది అంటారు. ఇందులో కొంత న్యాయం ఉంది. దానికి మందు రీసెల్లర్లకు వేరే గ్రూపు పెట్టి అక్కడ వేరే ధర ఇవ్వడం. పేజీ మీద అచ్చమైన చిల్లర ధర ఉండాలి. నాలుగో కారణం ఎవరూ పైకి చెప్పరు: ప్రొఫైల్ ఫొటో చూసి, ఊరు చూసి, మనిషికో రేటు చెప్పడం. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ఒకే చీర రెండు ధరలకు కొన్న రోజు ఆ పేజీకి అక్కడ తలుపులు మూసుకుపోతాయి.

ఇన్‌బాక్స్‌లో ఏం జరుగుతుందో కూడా చూద్దాం. మీరు పంపిన మెసేజ్, మిమ్మల్ని ఫాలో అవ్వని మనిషికైతే మామూలుగా మెసేజ్ రిక్వెస్టుల్లోకి పోతుంది. చాలామంది ఆ అర తెరవరు. మీరేమో జవాబిచ్చాం అనుకుంటారు, ఆమేమో పట్టించుకోలేదనుకుంటుంది. కామెంట్ పెట్టగానే తనంతట తానే మెసేజ్ పంపే టూల్స్ కొనుక్కున్నవాళ్లకు ఇంకో చిక్కు. కామెంట్ పడ్డ 7 రోజుల్లోపు, ఒక కామెంటుకు ఒక్క మెసేజే పంపనిస్తుంది ఇన్‌స్టాగ్రామ్ యజమాని సంస్థ మెటా. అవతలి మనిషి తిరిగి మాట్లాడితేనే 24 గంటల సంభాషణ తెరుచుకుంటుంది. ఆ ఒక్క మెసేజ్‌లో ‘హాయ్ డియర్, ఏ చీర గురించి?’ అని అడిగితే ఉన్న తూటా కాస్తా గాల్లోకి పేల్చినట్టే.

ఇక టైము. ఒక పోస్టుకు 60 మంది రేటు అడిగారనుకోండి. ఒక్కొక్కరికి 40 సెకన్లు వేసినా 40 నిమిషాలు. రోజుకు ఆరు పోస్టులైతే నాలుగు గంటలు. ఒక వరుస టైప్ చేసి ఉంటే మిగిలే నాలుగు గంటలవి. అందుకే రాత్రి పదకొండింటికి ‘మీ ఆర్డర్ ఏదో మళ్లీ చెప్తారా మేడమ్’ అన్న మెసేజ్ వస్తుంది.

సరే, ఏం రాయాలి? ఫీడ్‌లో క్యాప్షన్ సుమారు 125 అక్షరాల తర్వాత ‘మోర్’ వెనక్కి పోతుంది. కాబట్టి మొదటి వరుసలో పువ్వులు, హృదయాలు, ‘శుభోదయం ఫ్రెండ్స్’ వద్దు. ఇలా ఉండాలి: ‘మంగళగిరి కాటన్, చేనేత, నిజాం అంచు. 1,850 రూపాయలు, ఆంధ్ర తెలంగాణలకు కొరియర్ కలిపే.’ రెండో వరుసలో చీర 5.5 మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు, ఈ రంగులో ఎన్ని ఉన్నాయి, డబ్బు అందిన ఎన్ని రోజులకు పంపుతారు. రీల్ మీద ధర అతికిస్తే మధ్యకో పైకో అతికించండి. అడుగున పెడితే పేజీ పేరు, క్యాప్షన్, బటన్లు దాన్ని కప్పేస్తాయి. ఇక ‘1850’ పక్కన ప్లస్ పెట్టి డాలర్ గుర్తు వేసే అలవాటుంది చూశారా, అది షిప్పింగ్ అదనం అని రీసెల్లర్లకు అర్థమవుతుంది. మామూలు మనిషికి అమెరికా ధరలా కనిపిస్తుంది.

‘ప్యూర్’ అన్న మాట గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. దేంట్లో ప్యూర్? పడుగూ (నిలువు పోగులు) పేకా (అడ్డ పోగులు) రెండూ పట్టేనా? జరీ ఏ రకం? మరమగ్గమా, చేనేతా? గద్వాల్ అంటే ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు అన్నది పాత లెక్క. ఇప్పుడు పట్టూ నూలూ కలిపి నేసే సీకో ఉంది, ఒళ్లంతా పట్టు ఉన్నదీ ఉంది, ‘సెమీ గద్వాల్’ పేరుతో మరమగ్గం సరుకూ ఉంది. సెమీ అమ్మడం తప్పేం కాదు. 1,200 రూపాయలకు కొనుక్కునే మనిషి అది తెలిసే కొంటుంది. ‘ప్యూర్ గద్వాల్ లుక్’ అని రాసి లుక్‌ని చిన్న అక్షరాల్లో పెట్టడమే తప్పు. పట్టయితే సిల్క్ మార్క్, చేనేతయితే హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉంటే దాని దగ్గరి ఫొటో ఒకటి పెట్టండి. లేకపోతే ఒక పోగు తీసి కాల్చిన వీడియో పెట్టండి. పట్టు వెంట్రుక కాలిన వాసనొచ్చి, నలిపితే బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. పది సెకన్ల వీడియో, పది రీళ్ల పని చేస్తుంది.

రంగు తేడా గొడవల్లో సగం రింగ్ లైట్ పుణ్యమే. ఊదా, నేరేడు రంగులు ఫోన్ కెమెరాలో నీలానికి తిరుగుతాయి. రాణీ పింక్ మరీ మండిపోతుంది. పగలు పది గంటల వేళ, ఎండ నేరుగా పడని వరండాలో, పక్కన తెల్ల కాగితం పెట్టి తీయండి. ఆ కాగితం ఫొటోలో తెల్లగా కనిపిస్తే చీర రంగూ దాదాపు సరిగా ఉన్నట్టే. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉన్న డబుల్ షేడ్ చీర ఒక్క ఫొటోకి లొంగదు. ఎదురుగా ఒకటి, వాలుగా ఒకటి తీసి, ‘నీడలో ఆకుపచ్చ, వెలుతురులో మామిడిపండు’ అని మాటల్లో కూడా రాయాలి. ‘స్లైట్ కలర్ వేరియేషన్ మే బీ దేర్’ అన్న మంత్రం చదివితే బాధ్యత తీరదు.

వాట్సాప్ బిజినెస్ యాప్ అమ్మేవాళ్లలో చాలామంది ఫోన్లలో ఉంది, వాడేది మాత్రం మామూలు వాట్సాప్‌లాగే. క్యాటలాగ్‌లో 500 వస్తువుల వరకు పెట్టొచ్చు. అందులో ధర గడి తప్పనిసరి కాదు కాబట్టి అక్కడా ఖాళీ వదిలేస్తారు, చెయ్యి అలవాటు పడిపోయింది మరి. క్విక్ రిప్లైలు 50 దాకా దాచుకోవచ్చు. కొరియర్ ఛార్జీ, రిటర్న్ పద్ధతి, షాపు లొకేషన్, ఉతికే పద్ధతి, ఈ నాలుగూ రాసి పెట్టుకుంటే రోజులో సగం టైపింగు తప్పుతుంది. లేబుళ్లు 20. ‘డబ్బు రావాలి’, ‘డబ్బు వచ్చింది’, ‘ప్యాక్ చేయాలి’, ‘పంపాం’ అని పెట్టి, ప్రతి సంభాషణకూ ఏదో ఒకటి తగిలించి ఉండాలి.

బ్రాడ్‌కాస్ట్ (లిస్టులో ఉన్నవాళ్లందరికీ ఒకే మెసేజ్ ఒకేసారి పంపడం) దగ్గర అందరూ బోల్తా పడతారు. ఒక్కో లిస్టుకు 256 మంది. మీ నంబరు తన ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. 256 నంబర్లు మీరు ఎక్కించినా, మిమ్మల్ని సేవ్ చేసుకున్నది 70 మందయితే ఆ 70 మందికే. కాబట్టి మొదటి పలకరింపు మెసేజ్‌లోనే ‘కొత్త స్టాక్ తెలియాలంటే ఈ నంబరు ఫలానా పేరుతో సేవ్ చేసుకోండి’ అని అడగాలి. అడ్డగోలుగా గ్రూపుల్లోంచి నంబర్లు ఏరి మెసేజ్‌లు కొడితే, జనం బ్లాక్ చేస్తారు, రిపోర్ట్ చేస్తారు, చివరికి ఆ నంబరే పోతుంది. దానితో పాటు ఏళ్ల తరబడి పోగైన కస్టమర్లూ.

ఒకే చీరను ఇన్‌స్టాలో, ఫేస్‌బుక్ లైవ్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి ముగ్గురికి ‘కన్‌ఫర్మ్’ అనడం ఇంకో రోగం. ప్రతి చీరకూ ఒక నంబరు వేసి, చీటీ కనిపించేలా ఫొటో తీయండి. బుకింగులన్నీ ఒకే పుస్తకంలోకి, ఒకే మనిషి చేతి మీదుగా పోవాలి. 30 నిమిషాల్లో డబ్బు రాకపోతే తర్వాతివాళ్లకి అని ముందే చెప్పండి. డబ్బు వచ్చిందా అన్నది స్క్రీన్‌షాట్‌లో కాదు, మీ బ్యాంకు ఖాతాలో చూడాలి. దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లే ఉన్నాయి. అమ్ముడయ్యాక పోస్టు తీసేయక్కర్లేదు, క్యాప్షన్ మొదట్లో ‘అమ్ముడైంది’ అని కలపండి చాలు.

కొరియర్ ఛార్జీ గొడవ ఎక్కడ పుడుతుందంటే, బరువు రెండు రకాలని చాలామంది లెక్కేసుకోరు. చాలా కొరియర్ల లెక్కలో పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చేది ఘనపరిమాణ బరువు. అసలు బరువు కంటే అది ఎక్కువైతే దానికే ఛార్జీ. 450 గ్రాముల చీరను 35, 28, 6 కొలతల డబ్బాలో పెడితే 1.18 కిలోలు. అరకిలో శ్లాబుల లెక్కన కిలోన్నర ఛార్జీ కట్టాలి. అదే చీర మడత మార్చి 30, 24, 3 కొలతల్లో కవర్లో సర్దితే 0.43 కిలోలే. అందమైన డబ్బా కావాలంటే దాని ఖర్చు ధరలో కలపండి, ఆర్డరయ్యాక అడగొద్దు. అమెరికా పార్సిళ్లయితే, 800 డాలర్లలోపు సరుకుకు అక్కడున్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి పోయింది. ‘కస్టమ్స్ ఉండదండీ’ అన్న పాత హైలైట్లు మాత్రం పేజీల మీద అలాగే ఉన్నాయి. తీసేయండి.

శ్రావణంలో ఇంకో తేదీ రాయాలి. వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు చీర చేరితే లాభం లేదు. ఫాల్స్ కుట్టాలి, పీకో చేయించాలి, జాకెట్టు కుట్టాలి, ఆ వారంలో టైలర్ అసలు దొరకడు. ‘వ్రతానికి కట్టుకోవాలంటే ఫలానా తేదీలోపే ఆర్డర్’ అని పండక్కి మూడు వారాల ముందే పిన్ చేయండి.

‘నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్’ అని బయోలో రాసుకుంటే చట్టం మారిపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకోననడమూ అంతే. కొన్న మనిషి తను ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, అమ్మినవాళ్ల ఊరికి పోనక్కర్లేదు. 1915కు ఫోన్ చేసినా ఫిర్యాదు తీసుకుంటారు. అన్‌బాక్సింగ్ వీడియో అడగండి, తప్పులేదు, వస్తువు తక్కువొచ్చిందన్న తగాదాలో పనికొస్తుంది. మరి మీ వైపు ప్యాకింగ్ వీడియో ఏది? చీర పూర్తిగా విప్పి, రెండు అంచులూ, కొంగూ, జాకెట్టు ముక్కా చూపించి, మడిచి, అడ్రసు చీటీ అతికించేదాకా ఒకే టేకులో తీసి రెండు నెలలు దాచండి. మరక ఎక్కడ పడిందో అందులోనే తేలిపోతుంది.

చెడ్డ కామెంట్ వస్తే డిలీట్ చేసి బ్లాక్ కొట్టడం తెలివి అనుకునేవాళ్లున్నారు. బ్లాక్ కొట్టేసరికే ఆమె స్క్రీన్‌షాట్ కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేసి ఉంటుంది. ఆ కామెంట్ అక్కడే ఉంచి, దాని కిందే రాయండి: ‘నమస్తే అండీ, చీర నంబరు 214, అంచు దగ్గర పోగు తెగిందన్నారు. ప్యాకింగ్ వీడియో చూశాం, మాదే పొరపాటు. రేపు ఉదయం కొరియర్ అబ్బాయి వచ్చి తీసుకెళ్తాడు, ఆ ఖర్చు మాది. చీర మాకు చేరిన రోజే 3,450 తిరిగి వేస్తాం.’ డబ్బు వేశాక అదే కామెంట్ కింద ఇంకో వరుస, తేదీతో సహా.