రెండు కార్డుల గేమింగ్ పీసీకి ఎస్‌ఎంపీఎస్: వాట్ల లెక్క సగం పనే

గేమ్ మొదలై పది నిమిషాలు కూడా కాదు. కార్డుల ఫ్యాన్లు ఇంకా పూర్తి వేగం అందుకోనే లేదు. అంతలో టప్‌మని చప్పుడు, కేబినెట్‌లోని లైట్లతో సహా అంతా చీకటి. ముందున్న బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. వెనక్కి వంగి ఎస్‌ఎంపీఎస్ (పీసీ భాగాలన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై) స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి మళ్లీ వేస్తే ఏమీ జరగనట్టే లేచి కూర్చుంటుంది. పీసీలో జరిగినవి నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నెల్-పవర్ 41 అనే పద్దు కనిపిస్తుంది. కరెంటు హఠాత్తుగా పోయిందని చెప్పడమే తప్ప, ఎందుకు పోయిందో అది చెప్పదు.

రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టినవాళ్లు ఎక్కువగా చెప్పే ఫిర్యాదు ఇదే. షాపులో వెంటనే వచ్చే సలహా కూడా ఒకటే: 'వాట్లు చాల్లేదు, ఇంకా పెద్దది వేయండి'. ఆ సలహాతో డబ్బు పోతుంది, చాలాసార్లు జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. డబ్బా మీద రాసిన వాట్లు నిలకడగా ఇవ్వగలిగే శక్తికి కొలత. పీసీని ఆపేసేదీ, కనెక్టర్‌ను కరిగించేదీ మాత్రం ఆ శక్తి ఎంత వేగంగా, ఏ తీగ మీదుగా, గోడలోని ఏ ప్లగ్ నుంచి వస్తోందన్నదే.

రెండు కార్డులతో ఒకే గేమ్ ఆడే రోజులు దాదాపు అయిపోయాయి. ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌కూ, అంతకు ముందు కార్డులకూ కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు (రెండు కార్డులూ కలిసి ఒకే గేమ్ నడపడానికి కావాల్సిన సెట్టింగులు) ఇవ్వడం ఎన్విడియా 2021 జనవరి 1 నుంచి ఆపేసింది. 30 సిరీస్‌లో రెండు కార్డులను కలిపే ఎన్‌వీలింక్ 3090 శ్రేణికే మిగిలింది, 4090లో అదీ తీసేశారు. అయినా రెండు కార్డుల పీసీలు కడుతూనే ఉన్నారు. ఒక కార్డు మీద గేమ్ ఆడుతూ రెండోదాన్ని స్ట్రీమింగ్‌కో, బ్లెండర్‌లో 3డీ బొమ్మల రెండరింగ్‌కో, ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడపడానికో వాడుతున్నారు. ఒక్కోదానిలో 24 జీబీ మెమరీ ఉండటంతో సెకండ్‌హ్యాండ్ 3090లు రెండు కొనే పద్ధతి బాగా పెరిగింది. అందుకే ఇక్కడ లెక్కకు ఆ జతనే తీసుకుందాం.

ఒక్కో 3090కి 350 వాట్లు, రెండింటికి 700. ప్రాసెసర్ కోర్ ఐ9-14900కే అయితే ఇంటెల్ చెప్పిన గరిష్ఠం 253. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు, ఫ్యాన్లు, వాటర్ కూలర్ పంపు అన్నిటికీ కలిపి ఓ 100. మొత్తం 1,050 వాట్ల చుట్టుపక్కల తేలుతుంది. చాలామంది ఇక్కడే ఆగి 1,200 వాట్లది కొనేస్తారు. ఆ 350 మాత్రం సగటు. 3090 సెకనులో వెయ్యో వంతు సేపు 500 వాట్లు దాటి లాగి, మళ్లీ కిందికి దిగుతుంది. గోడ ప్లగ్‌కు పెట్టే మామూలు వాట్ మీటర్‌కు ఈ ఎగుడుదిగుళ్లు కనపడవు. ఎస్‌ఎంపీఎస్ లోపలి రక్షణ సర్క్యూట్‌కు మాత్రం కనపడతాయి. రెండు కార్డులూ, ప్రాసెసరూ ఒకేసారి ఎగబాకిన క్షణాన దాన్ని షార్ట్ సర్క్యూట్ కింద లెక్కేసి మొత్తం ఆపేస్తుంది. మొదట చెప్పిన చీకటి అదే. వెనక స్విచ్ ఆపి వేసేదాకా లేవకపోతే రక్షణ సర్క్యూట్ తాళం వేసుకుందని అర్థం. అలా కాకుండా స్క్రీన్ మాత్రమే నల్లబడి, కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తితే ముందు కార్డునూ, దాని కేబుళ్లనూ అనుమానించాలి.

ఈ తంటా తీర్చడానికే 2022లో ఎస్‌ఎంపీఎస్‌లకు ఏటీఎక్స్ 3.0 అనే తయారీ ప్రమాణం వచ్చింది. రాసిన సామర్థ్యానికి రెట్టింపు లోడును 100 మైక్రోసెకన్ల పాటు ఆగిపోకుండా భరించాలన్నది అందులోని షరతు. 2023లో వచ్చిన 3.1 కూడా దీన్ని కొనసాగించింది. మా అభిప్రాయం స్పష్టం: రెండు 3090లకు ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 ఉన్న 1,300 వాట్లది సరైన ఎంపిక. పాత ప్రమాణంతో తయారైన 1,600 వాట్లది తక్కువ ధరకు దొరికినా, ఆ మోడల్ ఎగుడుదిగుళ్లను ఎలా తట్టుకుంటుందో పరీక్షించి రాసిన రివ్యూ చదవకుండా తీసుకోవద్దు.

ఇక తీగలు. అసలు ప్రమాదం ఉన్నది ఇక్కడే. గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు ఇచ్చే 8 పిన్నుల పీసీఐఈ కనెక్టర్‌కు ప్రమాణం ఇచ్చిన హద్దు 150 వాట్లు. అందులో 12 వోల్టుల పిన్నులు మూడే, ఒక్కోదాని మీద నాలుగు ఆంపియర్ల పైచిలుకు నడుస్తుంది. ఆ పిన్ను దాదాపు అంతకు రెట్టింపు మోయగలదు కాబట్టి ఏళ్ల తరబడి ఇబ్బంది రాలేదు. ఇబ్బంది వచ్చేది ఒకే కేబుల్ చివర రెండు కనెక్టర్లు వేలాడే రకంతో. 350 వాట్ల కార్డుకు అలాంటి కేబుల్ ఒక్కటే పెడితే కార్డు కూర్చునే మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చే 75 పోను మిగతా 275 వాట్లూ ఎస్‌ఎంపీఎస్ వైపున్న ఒక్క సాకెట్ గుండానే రావాలి. కార్డు మీద ఎన్ని సాకెట్లు ఉంటే అన్ని విడి కేబుళ్లు పెట్టండి. మూడేసి సాకెట్లున్న 3090లు రెండైతే ఆరు కేబుళ్లు, ప్రాసెసర్‌కు ఇంకో రెండు. డబ్బా మీద 1,300 అని రాసి ఉన్నా, వెనక పలక మీద అన్ని సాకెట్లు లేకపోతే అది మీకు పనికిరాదు. కొనే ముందు లెక్కపెట్టుకోండి.

ప్రాసెసర్ 8 పిన్నుల కనెక్టరూ, గ్రాఫిక్స్ కార్డు 8 పిన్నుల కనెక్టరూ చూపుకు కవల పిల్లల్లా ఉంటాయి, లోపల ప్లస్, మైనస్ మాత్రం తారుమారు. బలవంతంగా దూర్చితే షార్టే. అంతకన్నా మోసకారి ఇంకొకటుంది. పాత ఎస్‌ఎంపీఎస్ తీసి కొత్తది పెట్టేటప్పుడు, కేబినెట్‌లో చక్కగా కట్టి ఉన్నాయి కదా అని పాత మాడ్యులర్ కేబుళ్లనే (ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊడదీయగలిగేవి) వదిలేస్తారు. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి ప్రమాణం ఏదీ లేదు, ఒకే కంపెనీలోనే మోడల్‌కో తీరు. ప్లగ్ చక్కగా కూర్చుంటుంది, కానీ 5 వోల్టులు వెళ్లాల్సిన తీగలో 12 వెళ్తాయి. ఎస్‌ఎస్‌డీలు, వాటిలోని డేటా అక్కడికక్కడే పోతాయి. పాత కేబుళ్లన్నీ ఊడదీసి, కొత్త డబ్బాలో వచ్చినవే వేయాలి.

మూడు, నాలుగు కార్డుల దాకా వెళ్తే మదర్‌బోర్డు 24 పిన్నుల కనెక్టర్‌నూ పట్టించుకోవాలి. ఒక్కో స్లాట్ 12 వోల్టుల మీద 66 వాట్ల దాకా లాగవచ్చు, నాలుగైతే 264, అంటే 22 ఆంపియర్లు. ఆ 24 పిన్నుల్లో 12 వోల్టులవి రెండే రెండు. అందుకే అలాంటి బోర్డుల మీద స్లాట్ల దగ్గర అదనపు పవర్ కనెక్టర్ ఇస్తారు. దాన్ని ఖాళీగా వదలకండి. రైజర్లకు (కార్డును స్లాట్‌కు దూరంగా పెట్టేందుకు వాడే పొడిగింపులు) డిస్కులకు వాడే సాటా పవర్ కనెక్టర్‌తో కరెంటు ఇచ్చే అలవాటు క్రిప్టో మైనింగ్ రోజుల నుంచి వచ్చింది. సాటా మోసేది 54 వాట్లు, స్లాట్ అడగగలిగేది 66. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చేది ఆ తేడా దగ్గరే.

కొత్త కార్డుల 12 ప్లస్ 4 పిన్నుల కనెక్టర్ కథ వేరు. 600 వాట్లంటే 50 ఆంపియర్లు, వాటిని ఆరు పిన్నులు పంచుకోవాలి. ఒక్కోదానికి 8.3 పడుతుంది, పిన్ను మోయగలిగేది సుమారు 9.5. పాతదానిలో ఉన్న వెసులుబాటు ఇందులో లేదు. 2022 అక్టోబర్‌లో 4090ల దగ్గర కనెక్టర్లు కరిగిన వార్తలు మొదలయ్యాయి. ప్లగ్ పూర్తిగా దిగకపోవడం ప్రధాన కారణాల్లో ఒకటిగా తేలింది. తర్వాత వచ్చిన 12వీ-2ఎక్స్6 అనే సవరించిన కనెక్టర్‌లో, కార్డుకు సంకేతమిచ్చే చిన్న సెన్స్ పిన్నులను పొట్టిగా చేశారు, ప్లగ్ సరిగా కూర్చోకపోతే కార్డు అసలు పవర్ తీసుకోకుండా. ప్లగ్ పెట్టాక సందు కనపడకుండా దిగిందో లేదో టార్చ్ వేసి చూడాలి. ప్లగ్ నుంచి కనీసం 35 మిల్లీమీటర్ల దాకా తీగను వంచకూడదు. 575 వాట్ల 5090లు రెండు పెడితే కార్డులకే 1,150 వాట్లు. 1,600 వాట్లదీ, అలాంటి సాకెట్లు స్వయంగా రెండున్నదీ కావాలి. అడాప్టర్లతో నెట్టుకొచ్చే చోటు కాదిది.

80 ప్లస్ గోల్డ్, టైటానియం ముద్రలకు అమ్మకందార్లు ఇచ్చేంత విలువ మేం ఇవ్వం. ఆ పరీక్ష 23 డిగ్రీల గదిలో, గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత పీసీకి చేరుతుందో ప్రధానంగా కొలుస్తుంది, రక్షణ సర్క్యూట్ల జోలికి పోదు. వెయ్యి వాట్ల లోడు మీద నాలుగు శాతం తేడా అంటే సుమారు 45 వాట్లు. రోజూ ఐదు గంటలు ఆడితే ఏడాదికి 82 యూనిట్లు, యూనిట్ పది రూపాయలనుకున్నా 820. ఆ తేడా కోసం పది, పదిహేను వేలు ఎక్కువ పెట్టే బదులు, పూర్తి వాట్లు 50 డిగ్రీల దగ్గర ఇస్తామని రాసిచ్చిన గోల్డ్ మోడల్ తీసుకోండి. 40 డిగ్రీలకే హామీ ఇచ్చేవి కూడా ఉంటాయి. మే నెలలో ఏసీ లేని విజయవాడ గదిలో, 700 వాట్ల వేడి కక్కే కార్డుల పక్కన, 40 అన్నది చాలా చిన్న అంకె.

గోడ దగ్గరికి వద్దాం. 1,050 వాట్ల లోడుకు ప్లగ్ నుంచి దాదాపు 1,170 లాగుతుంది. 230 వోల్టుల దగ్గర అది 5.1 ఆంపియర్లు. వేసవి సాయంత్రం ఓల్టేజీ 190కి పడిపోతే ఎస్‌ఎంపీఎస్ తగ్గించుకోదు, కరెంటు పెంచి లాగుతుంది: 6.2. మన గోడల్లోని మామూలు ప్లగ్ ఆరు ఆంపియర్లది. దానికి ఎక్స్‌టెన్షన్ బాక్స్ తగిలించి, మానిటర్లూ స్పీకర్లూ కలిపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గీజర్‌కు, ఏసీకి వేసినట్టే 16 ఆంపియర్ల ప్లగ్ విడిగా వేయించాలి. అమెరికాలో ఉండే మనవాళ్లకు చిక్కు ఇంకోలా ఉంటుంది: 120 వోల్టులు, 15 ఆంపియర్ల లైను మీద ఎడతెగకుండా వాడదగింది 1,440 వాట్లే. అక్కడ 1,600 వాట్లది కొన్నా నిండుగా వాడలేరు.

కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటే అది ఎర్తింగ్ లేదన్న మాట. ఎస్‌ఎంపీఎస్ ముందున్న ఫిల్టర్ కెపాసిటర్ల ద్వారా సగం మెయిన్స్ ఓల్టేజీ అతి తక్కువ కరెంటుతో రేకు మీదికి వస్తుంది. ఎర్త్ తీగ దాన్ని భూమిలోకి పంపాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సింది ఇప్పుడే, కార్డులు పోయాక కాదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది ప్యూర్ సైన్‌వేవ్ రకమై ఉండాలి, యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. కరెంటు పోయిన సందులో ఎస్‌ఎంపీఎస్ తన సొంత నిల్వతో నిలబడాల్సింది ఏటీఎక్స్ 3.0 ప్రకారం పూర్తి లోడు మీద 12 మిల్లీసెకన్లే. ఇన్వర్టర్ అంతకన్నా ఆలస్యం చేస్తే పీసీ ఆగిపోతుంది. కంప్యూటర్ షాపుల్లో దొరికే 600 వీఏ యూపీఎస్ ఈ లోడు ముందు అలంకారమే.

రెండు ఎస్‌ఎంపీఎస్‌లు కలిపి వాడటం గేమింగ్ పీసీకి మేం సిఫారసు చేయం. తప్పనిసరైతే ఒక కార్డు స్లాట్ రైజర్‌కూ, దాని మీది కనెక్టర్లకూ కరెంటు ఒకే ఎస్‌ఎంపీఎస్ నుంచి రావాలి. అంతకన్నా మేలైన దారి ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో 3090 పవర్ లిమిట్‌ను 80 శాతానికి, అంటే 280 వాట్లకు దించండి. వేగంలో కోత సాధారణంగా పది శాతం లోపే ఉంటుంది. 140 వాట్ల భారం, దానితో పాటు గదిలో అంత వేడి తగ్గుతాయి. ఫ్రేమ్ రేటుకు హద్దు పెడితే ఎగుడుదిగుళ్లూ నెమ్మదిస్తాయి.

బిగించాక పరీక్ష రిటర్న్ గడువు లోపలే చేయాలి. కార్డుకు లోడు పెట్టి పరీక్షించే ఫర్‌మార్క్ ఒక్కటే చాలదు, అది లాగే లోడు నిలకడైనది. వీసింక్ (ఫ్రేమ్ రేటును స్క్రీన్ వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపి, ఫ్రేమ్ హద్దు తీసేసి, ఒక కార్డు మీద గేమ్, రెండోదాని మీద రెండర్ గంటసేపు నడపండి. ఓల్టేజీలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో కార్డు 12 వోల్టుల ఇన్‌పుట్ 11.4 కిందికి దిగకూడదు. ఒకే కార్డు కనెక్టర్ల మధ్య తేడా ఎక్కువగా కనిపిస్తే పీసీ ఆపి, ఆ కేబుల్ ఊడదీసి మళ్లీ బిగించండి. ఆ గంట అయ్యాక స్విచ్ ఆపి, గోడ ప్లగ్‌ను తీసి పట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే సాకెట్ మార్పించేదాకా ఆ పీసీని మళ్లీ వేయొద్దు.